గిన్నెలకు ఏడు రోజుల ఫ్రీ ట్రయల్

ఆఫీసులో అతన్ని అందరూ 'బటన్ బ్రహ్మ' అంటారు. అతనెవరో మీకు తెలియకపోవచ్చు గానీ, ఒక్కసారైనా అతని చేతికి చిక్కే ఉంటారు. ఫోన్లో యాప్ తెరవగానే 'ఏడు రోజులు ఉచితం!' అంటూ అరచెయ్యంత పచ్చ బటన్ ఎదురొస్తుంది చూడండి, అది పెట్టేది అతనే. ఎనిమిదో రోజు నుంచి డబ్బు కోత మొదలవుతుందన్న ముక్కని, తెల్లకాగితం మీద పాలతో రాసినట్టు అడుగున రాసేదీ అతనే.

ప్రస్తుతం వాళ్ళ కంపెనీ అమ్ముతున్నది మొక్కలకు నీళ్ళు పొయ్యమని గుర్తుచేసే యాప్. అందులో కొననివాళ్ళు నొక్కాల్సిన బటన్ మీద 'వద్దు, నా మొక్కలు ఎండి చచ్చినా నాకు ఫర్వాలేదు' అని ఉంటుంది. అది అతని కళాఖండం. దాన్ని నొక్కలేక కళ్ళనీళ్ళు పెట్టుకుని కొనుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారట.

ఆ శుక్రవారం మేనేజరు పిలిచాడు. యాప్‌లను పరీక్షించి అనుమతిచ్చేవాళ్ళు ఆ స్క్రీనుని రెండోసారి తిప్పి పంపారు. ధర కనబడాలి, ఎప్పుడు వసూలు చేస్తారో చెప్పాలి, మానెయ్యడం ఎలాగో చెప్పాలి అని మూడు అక్షింతలు వేశారు.

"పై సోమవారానికల్లా కొత్త స్క్రీను కావాలి. పూర్తి నిజాయితీగా ఉండాలి. కానీ ఆ నిజాయితీ జనం కంట్లో పడకూడదు" అన్నాడు మేనేజరు.

"అంటే ఎలా సార్?"

"ఎలాగో నాకే తెలిస్తే నువ్వెందుకయ్యా?"

నిజానికి బటన్ బ్రహ్మ మనసు స్క్రీను మీద లేదు. పై ఆదివారం క్యారమ్స్ డబుల్స్ ఫైనల్. పక్కవీధి ఫొటోగ్రాఫరుతో జతకట్టి పదకొండేళ్ళుగా ఆడుతున్నా, ఫైనల్ దాకా రావడం ఇదే మొదలు. ఆట పొద్దున్న పదకొండింటికి. చిక్కల్లా ఏమిటంటే ఆదివారం ఇంటి పని రోజు. అటకలు దులపడం, కర్టెన్లు దించడం, ఫ్యాన్లు తుడవడం. అందులోంచి అతను జారుకోవాలి.

భార్యని అడగొచ్చుగా అంటారా? పెళ్ళయి పదకొండేళ్ళయినా అతను దేన్నీ నేరుగా అడిగిన పాపాన పోలేదు. మంచినీళ్ళు కావాలన్నా "ఎండలు ముదిరినట్టున్నాయి కదూ" అని మొదలుపెడతాడు.

అందుకని ఓ పథకం వేశాడు. ఆఫీసులోని మొక్కల స్క్రీనుని అలాగే దించి, పైన మాటలు మార్చి, శనివారం సాయంత్రం భార్య ఫోనుకి పంపాడు. 'ఏడు రోజులు గిన్నెలు భర్తే తోముతాడు! పూర్తిగా ఉచితం!' దాని కింద 'సరే, మొదలుపెట్టండి' అని పచ్చ బటన్. ఆ కింద 'వద్దు, నా చేతులు పాడైనా నాకు ఫర్వాలేదు' అని చిన్న బటన్. అన్నిటికన్నా అడుగున, లేత బూడిదరంగులో, చీమ కూడా కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప చదవలేనంత చిన్నగా 'ఏడు రోజుల తరువాత వచ్చే ఆదివారాలన్నీ భర్తవే.'

భార్య మందుల షాపు నడుపుతుంది. మాత్రల అట్ట వెనక అరిగిపోయిన గడువు తేదీని కౌంటరు ఇవతలి నుంచే చదివే మనిషి. ఆ సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

"ఏవండీ, ఏమిటిది?"

"ఏముందోయ్, నీ మీద ప్రేమ."

"ప్రేమకి బటన్ ఎందుకు?"

"ఈ రోజుల్లో అన్నిటికీ బటనే."

ఆమె ఫోనుని చాలాసేపు చూసింది. 'నిబంధనలు' అన్న చోట కూడా నొక్కింది. ఆ నిబంధనలు ఆఫీసు లాయరు మొక్కల యాప్ కోసం రాసినవి. వాటిని ఇంతవరకు తెరిచినవాళ్ళు లేరు. బటన్ బ్రహ్మ కూడా తెరవలేదు. వాటిని కూడా స్క్రీనుతోపాటే దించేశాడు.

"బావుంది" అని ఆమె నవ్వి పచ్చ బటన్ నొక్కింది.

అతను వంటింట్లోకి వెళ్ళి తనలో తాను చిందులేశాడు.

ఏడు రోజులూ గిన్నెలు తోమాడు. రెండో రోజుకి నడుం పట్టేసింది. మూడో రోజు మాడిన మూకుడు ఒకటి ఎదురైతే దానితో ముప్పావుగంట కుస్తీపట్టాడు. నాలుగో రోజు నుంచి సింకు నిండుతున్న తీరు చూస్తే అతనికి అనుమానం వచ్చింది.

"ఇద్దరికి పదకొండు గరిటెలెందుకోయ్?"

"ఉచితమేగా అని."

ఆదివారం పొద్దున్నే బటన్ బ్రహ్మ తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్ట్రైకరు జేబులో పడేసుకున్నాడు. భార్య ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఏమోయ్, నిన్నటితో ఏడు రోజులూ అయిపోయాయి. అడుగున ఒక చిన్న ముక్క రాసి ఉంది, నువ్వు చూసుకోలేదేమో..."

"ఆదివారాలన్నీ భర్తవే. చూశాను."

అతను కళ్ళు తేలేశాడు.

"భర్తవేనండీ, నేను కాదన్నానా? ఆదివారం గిన్నెలు కూడా భర్తవే" అంది ఆమె. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

వాకిట్లో వదిన. ఆమె చేతుల్లో టబ్బు, టబ్బు నిండా అంట్ల గిన్నెలు. ఆమె వెనక అత్తగారు, రెండు ప్రెషర్ కుక్కర్లతో. ఆవిడ వెనక సాక్షాత్తు అతని కన్నతల్లి, బకెట్టుతో.

"అమ్మా, నువ్వు కూడానా?"

"కోడలు పిలిచిందిరా. మొన్న ఇరవైమందికి వండాను, అడుగంటినవన్నీ నానబెట్టి ఉంచాను" అంది తల్లి, ఎంతో సంతోషంగా.

భార్య ఫోను తీసి చదివింది. "నిబంధన నాలుగు. ఈ సేవను కుటుంబంలో ఆరుగురి దాకా పంచుకోవచ్చు. నిబంధన ఆరు. గడువుకి ఒక రోజు ముందు రద్దు చేయనిచో సేవ ఏడాదిపాటు దానంతటదే కొనసాగును. మీరు శుక్రవారం రద్దు చేశారా?"

"అది... అది మొక్కలకోయ్!"

"పంపింది నాకు."

తొమ్మిదిన్నరకల్లా వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. సింకు చాలక టబ్బులు నేల మీదికి దిగాయి. సబ్బు నురగ గుమ్మం దాటి హాల్లోకి షికారుకొచ్చింది. బటన్ బ్రహ్మ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, కుక్కరులో తలదూర్చి రుద్దుతున్నాడు. జేబులో ఫోను పది నిమిషాలకోసారి మోగుతోంది. తడిచేత్తో తీస్తే అటు ఫొటోగ్రాఫరు కేకలు.

"ఎక్కడున్నావయ్యా? బోర్డుకి పౌడరు కూడా కొట్టేశారు!"

"వస్తున్నా, వస్తున్నా. అడుగంటింది."

"ఏది?"

"నా బతుకు."

పదింపావుకి అతను చేతులెత్తేశాడు. "తల్లీ, రద్దు చేస్తాను. రద్దు బటన్ ఎక్కడ?"

"మీరు చేసిన స్క్రీనులో అసలు పెట్టనే లేదు. అందుకని నేను చేశాను" అంటూ ఆమె ఓ కవరు అందించింది. మందుల షాపులో మాత్రలు వేసిచ్చే కాగితం కవరు. దాని మీద 'నిజంగానే మమ్మల్ని వదిలి వెళ్ళిపోతున్నారా?' అని ఉంది. లోపల ఇంకో కవరు. 'ఎందుకో చెప్పి వెళ్ళండి. నడుం నొప్పా? బద్ధకమా? రెండూనా?' దాని లోపల మూడోది, అరచేతిలో సగమంత. పైన ఎర్రసిరాతో బండ అక్షరాల్లో 'తోముతూనే ఉంటాను' అని ఉంది. కింద పెన్సిలుతో ఏదో గీకినట్టుంది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురుకి పట్టి చూసి, గతుక్కుమన్నాడు.

"ఏముందిరా అందులో? పైకి చదువు" అంది తల్లి.

"ఏం లేదమ్మా."

"చదువు నాయనా, మేమూ వింటాం" అంది అత్తగారు.

వదిన అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుంది.

అతను చదివాడు. "వద్దు... నా భార్య చేతులు పాడైనా... నాకు ఫర్వాలేదు."

తల్లి అతని వంక చూసిన చూపుకి అతనికి ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు గుర్తొచ్చింది. 'నొక్కుతారా?' అన్నట్టు భార్య పెన్సిలు ముందుకు చాపింది. మొక్కలు ఎండి చస్తాయని అతను బెదిరించిన వాళ్ళందరూ వరసలో నిలబడి వేడుక చూస్తున్నట్టనిపించింది. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

కవరు పక్కన పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇవాళ క్యారమ్స్ ఫైనల్. నాకు వెళ్ళాలనుంది. వెళ్ళనా?"

పదకొండేళ్ళలో అతను ఎండల ప్రస్తావన లేకుండా అడిగిన మొదటి ప్రశ్న అది.

"వెళ్ళండి" అంది భార్య.

"అంతేనా?"

"అంతే. మీ ఫొటోగ్రాఫరుగారు దగ్గు మందుకొచ్చినప్పుడే చెప్పారు, పదిహేను రోజులైంది. మీరు ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నాను. అడిగి ఉంటే ఆ రోజే వెళ్ళమనేదాన్ని."

ఏడు రోజుల గిన్నెలు, నడుం నొప్పి, మాడిన మూకుడు అన్నీ అతని కళ్ళముందు గిర్రున తిరిగాయి. స్ట్రైకరు తడుముకుంటూ పరుగెత్తాడు. ఆట ఓడిపోయారు. సబ్బునీళ్ళలో నానిన వేళ్ళకి స్ట్రైకరు లొంగలేదని ఫొటోగ్రాఫరు ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు.

సోమవారం బటన్ బ్రహ్మ కొత్త స్క్రీను ఇచ్చాడు. 'ఏడు రోజులు ఉచితం. ఎనిమిదో రోజు నుంచి డబ్బు తీసుకుంటాం' అని, పక్కనే ధర. దాని కింద 'మానెయ్యాలంటే ఇక్కడ నొక్కండి.' అన్నీ ఒకే సైజు, ఒకే నలుపు. పక్కపక్కనే 'కావాలి', 'వద్దు' అని రెండు బటన్లు. మొక్కలు ఎండిపోయే ఊసే లేదు.

"ఇదేమిటయ్యా, ఇది అందరికీ అర్థమైపోతోంది!" అని మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. గడువు దగ్గరపడి, వేరే దారిలేక అదే పంపించాడు. పరీక్షించేవాళ్ళు మధ్యాహ్నానికల్లా అనుమతిచ్చేశారు.

సాయంత్రం అతను ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు. "ఏమోయ్, స్క్రీను పాసైంది!"

"చాలా సంతోషమండీ. సింకులో ఉన్నాయి."

"అదేమిటి? రద్దయిపోలేదూ?"

"మీరు నొక్కలేదుగా. అడిగింది క్యారమ్స్ గురించే."

బటన్ బ్రహ్మ వంటింట్లోకి తొంగిచూశాడు. సింకు నిండుగా ఉంది. నేరుగా అడిగితే పనవుతుందని నిన్ననేగా నేర్చుకున్నాడు. ధైర్యం తెచ్చుకుని భార్య ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ గిన్నెలు ఇవాళ నువ్వు తోముతావా?"

"తోమను" అంది ఆమె, ఓ చిరునవ్వు నవ్వి.

ఇంత స్పష్టమైన స్క్రీను అతను తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. చొక్కా చేతులు మడుచుకుని, పీచు అందుకున్నాడు.