బరువుల కాగితం

శనివారం పొద్దున క్రిస్టీనా పెట్టుకున్న పని చాలా చిన్నది. ఫోన్లో దాచుకున్న మూడు వెయిట్‌లిఫ్టింగ్ రొటీన్లలో ఒకటి ఎంచుకుని, తెల్లకాగితం మీద రాసి, కింద నాన్న చేత సంతకం పెట్టించాలి. సోమవారం ఆ కాగితం కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ నసీమున్నీసా మేడంకి ఇస్తే సాయంత్రం బ్యాచ్‌లో చేర్చుకుంటానన్నారు. బ్యాచ్‌లో మిగిలింది ఒక్క చోటు.

క్రిస్టీనాకు పదహారేళ్లు. బరువు నలభై రెండు కిలోలు. పెదకాకాని పక్కనున్న ఊరి నుంచి రోజూ ఆటోలో గుంటూరు వెళ్లి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. నెల క్రితం ఆటల గదిలో దారికి అడ్డంగా పడున్న ఇనుప కడ్డీని పక్కన పెడదామని ఎత్తింది. అది లేచింది. అంతవరకూ ఆ పిల్ల చెప్పిన మాట విని కదిలిన వస్తువు గానీ మనిషి గానీ లేరు. ఆ రోజు నుంచి ఆమె మనసు ఆ కడ్డీ మీదే ఉంది.

రొటీన్ ఎంచుకోవటం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటిది వారానికి మూడు రోజులు, ఒళ్లంతటికీ కలిపి. రెండోది నాలుగు రోజులు, ఒకరోజు నడుం పైభాగానికి, ఒకరోజు కాళ్లకి. మూడోది ఆరు రోజులు. అది నేర్పుతున్న మనిషికి మెడ ఎక్కడుందో వీడియో రెండుసార్లు చూసినా క్రిస్టీనాకు కనిపించలేదు. చివరికి మొదటిదే రాసుకుంది. కానీ అది మరీ తేలిగ్గా ఉంటే మేడం నవ్వుతారేమోనని భయపడి, మూడో దానిలో తనకు నచ్చిన ముక్క ఒకటి తెచ్చి అతికించింది. సోమ, బుధ, శుక్రవారాల చివర ఎర్ర ఇంకుతో ఇంగ్లీషులో 'టు ఫెయిల్యూర్' అని రాసుకుంది. చేతులు ఇంక లేవవు అనేదాకా ఎత్తాలని దానర్థం.

అది రాసి ముగించేసరికి పది దాటింది. నాన్న బాలస్వామి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. శని, ఆదివారాలు యార్డుకు సెలవు గనక క్షవరానికి వెళ్లాడు. క్రిస్టీనా కాగితాన్ని భద్రంగా బైబిల్లో పెట్టి స్నానానికి వెళ్లింది. మర్నాడు ఆరాధన ఉందని వాళ్లమ్మ ఎలీసమ్మ అప్పుడే బైబిల్ తీసి దుమ్ము దులిపింది.

ఎలీసమ్మ కూడబలుక్కుని చదవగలిగిన ఇంగ్లీషు మాటలు పదో పదిహేనో ఉన్నాయి. అందులో ఫెయిల్ ఒకటి. ఆమె ఏడో తరగతి మార్కుల కాగితం మీద ఉన్న మాట అదే, చదువు ఆగిపోయింది కూడా అక్కడే. ఇప్పుడా మాట కూతురి చేతిరాతలో, ఎర్ర ఇంకుతో, మూడుసార్లు కనబడింది. ఆమె కాగితాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసి, చెంగుతో మొహం తుడుచుకుని, నేరుగా పాస్టర్ సంజీవరావు గారింటికి వెళ్లింది.

"మూడు సబ్జెక్టులు పోయినట్టున్నయ్యండి. బైబిల్లో దాచుకుంది."

"తిట్టొద్దమ్మా," అన్నారు సంజీవరావు గారు. "కొట్టొద్దు. పిల్ల నోటితోనే చెప్పించు. నెమ్మదిగా."

ఎలీసమ్మ ఆ సాయంత్రం నెమ్మదిగానే మొదలుపెట్టింది. కూతురి కంచంలో కోడిగుడ్డు అట్టు వేస్తూ, "నీ కాగితం చూశానమ్మా," అంది.

క్రిస్టీనా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నాన్న చూశాడా?"

"ఇంకా లేదు. మూడున్నయ్యి కదా?"

"మూడే. సోమ, బుధ, శుక్ర."

"మూడిట్లోనూ ఫెయిలేనా?"

"చివర్లోనేనమ్మా. ముందంతా మామూలే. చివరికొచ్చేసరికి ఫెయిలవ్వాలి. అట్టా అయితేనే బలం పెరుగుద్దంట."

ఎలీసమ్మ పెనం కింద మంట తగ్గించింది. పాస్టర్ గారి మాట గుర్తు తెచ్చుకుని గొంతు ఇంకా తగ్గించింది. "ఎవరు చెప్పారు తల్లీ?"

"ఫోన్లో చూశా. కాగితం మీద రాసుకు రమ్మంది మాత్రం నసీమున్నీసా మేడం. మీ ఇంట్లో ఒప్పుకుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నారు."

"సరేలే. తిను. ఇంకో గుడ్డు వెయ్యనా?"

క్రిస్టీనా ఇంకో గుడ్డు కూడా తింది. అమ్మ ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. నాన్న సంతకం రేపు ఆరాధన అయ్యాక అమ్మ చేతే అడిగించొచ్చని హాయిగా నిద్రపోయింది. ఆ వారంలో ఆమెకు దక్కిన సుఖం అంతే.

పిల్లల్ని ఫెయిలవ్వమని చెప్పే మేడం ఒకావిడ ఉందని ఆ రాత్రే ఎలీసమ్మ చెప్పగా విని సంజీవరావు గారు ఊరుకోలేకపోయారు. ఆ కాలేజీలోనే చదువుతున్న వేరే అమ్మాయిని అడిగి మేడం నంబరు తీసుకుని, ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారు. అది మూడు నిమిషాల మెసేజ్. మొదటి రెండు నిమిషాలూ మేడం కోసం ప్రార్థన.

పది గంటలకు ఆరాధనలో ప్రార్థన విన్నపాల సమయం వచ్చింది. "పేరు చెప్పను," అన్నారు సంజీవరావు గారు. అన్నట్టే చెప్పలేదు. "యార్డులో మూటలు మోసి బిడ్డను గుంటూరులో ఇంటర్ చదివిస్తున్న మన సహోదరుడి కుమార్తె కోసం ప్రార్థన చేద్దాం. ఆ బిడ్డ మూడు సబ్జెక్టుల్లో తప్పింది," అన్నారు. సంఘంలో అలాంటి సహోదరుడు ఒక్కడే ఉన్నాడు.

ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చున్న తలలన్నీ క్రిస్టీనా వైపు తిరిగాయి. ఎవరో జాలిపడి ఫ్యాన్ కూడా ఆమె వైపు తిప్పారు. సోమ, బుధ, శుక్ర అని తను అమ్మతో అన్న మాటలన్నీ క్రిస్టీనాకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. లేచి, తను ఫెయిలవలేదని చెబుదామనుకుంది. అందరూ కళ్లు మూసుకుని తన కోసం ప్రార్థిస్తున్నప్పుడు మధ్యలో లేచి ఎలా చెప్పాలో తెలియలేదు. మగవాళ్ల వైపు నాన్న వెనక్కి తిరగలేదు. నిన్న క్షవరం చేయించుకున్న అతని మెడ మాత్రం కనిపిస్తోంది. అది కొంచెం ముందుకు వంగి ఉంది. ఆ మెడ చూశాక ఆమె కూడా తల దించి కళ్లు మూసుకుంది.

ఆరాధన అయ్యాక ఒకావిడ సప్లిమెంటరీ రాస్తే సరిపోతుందంది. ఇంకొకావిడ కుట్టు మిషను నేర్చుకోమంది. మూడో ఆవిడ ఏమీ అనకుండా కౌగిలించుకుని ఏడ్చింది. క్రిస్టీనాకు అన్నిటికన్నా అదే భరించలేనిదిగా తోచింది.

ఇంటికొచ్చాక బాలస్వామి తెల్లచొక్కా విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు. "ఏ మూడు?" అన్నాడు.

"నేను ఫెయిలవలేదు నాన్నా. క్వార్టర్లీలో డెబ్బై రెండు శాతం. మార్కులు ఫోన్లో ఉన్నయ్, చూడు."

బాలస్వామి చూశాడు. ఎలీసమ్మ కూడా చూసి, గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. క్రిస్టీనా అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"మరి ఆ కాగితం ఏంది?" అంది ఎలీసమ్మ.

"బరువులెత్తటానికి."

"ఎవరు ఎత్తటానికి?" అన్నాడు బాలస్వామి.

"నేనే."

బాలస్వామి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇరవై రెండేళ్లు మోశాను. మిర్చి టిక్కీ బస్తా ఒక్కోటి నలభై అయిదు కిలోలు. ఘాటుకు తుమ్ముకుంటా, దగ్గుకుంటా మోశాను. ఎందుకు? నా బిడ్డ పెన్ను కంటే బరువైంది పట్టుకోకూడదని. నువ్వేమో ఫీజు కట్టి మరీ మోస్తానంటున్నావు."

"ఫీజు లేదు నాన్నా."

"ఊరికే మోయించుకుంటారా? అది ఇంకా ఘోరం."

క్రిస్టీనాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే మూడు సబ్జెక్టులు పోయి ఉంటే ఈపాటికి క్షమించేసి అన్నం పెట్టేవాళ్లు. ఏ తప్పూ చెయ్యని మనిషిని ఎలా క్షమించాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియటం లేదు.

బాలస్వామి బైబిల్లోంచి కాగితం తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఎంత బరువు?"

"మొదట పదిహేను కిలోలు. ఖాళీ కడ్డీయే."

"పదిహేనా?" అన్నాడు. అతని గొంతులో కోపం పోయి మరేదో వచ్చింది. "పదిహేను కిలోలకి కాగితమా? దానికి వారంలో మూడు రోజులా? ఎత్తటమంటే ఏందో చూపిస్తా, చూడు."

మూలన పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది. బాలస్వామి దాని ముందు నిలబడి నడుం వంచాడు.

"అట్టా నడుం వంచకూడదంట నాన్నా. మోకాళ్లు వంచి..."

"నాకు చెబుతున్నావా?"

యార్డులో ఇద్దరు మనుషులు టిక్కీని ఎత్తి వీపు మీద పెడతారు, బాలస్వామి మోసుకెళ్తాడు. నేల మీద నుంచి తనంతట తాను మూట పైకెత్తి ఎన్నేళ్లయిందో అతనికీ గుర్తులేదు. బస్తా జానెడు లేచి మళ్లీ కింద పడింది. బాలస్వామి కూడా పడ్డాడు. పక్కకు ఒరిగి, మోకాళ్లు ముడుచుకుని, కళ్లు పెద్దవి చేసి అలాగే ఉండిపోయాడు.

"నడుం పట్టేసింది," అన్నాడు, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు.

మంచం మీదికి చేర్చాలి. ఎలీసమ్మ కాళ్లు పట్టుకుంది. క్రిస్టీనా నాన్న తల వెనకాల కూర్చుని, చంకల కింద చేతులు దూర్చింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో స్కూటీ ఆగింది. హెల్మెట్ చేతిలో పట్టుకుని నసీమున్నీసా మేడం గుమ్మంలోకి వచ్చారు. మూడు నిమిషాల మెసేజ్ రెండుసార్లు విని, ఏమీ అర్థం కాక, పాస్టర్ గారినే ఇల్లడిగి, స్వయంగా కనుక్కుందామని బయల్దేరారు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి పరిస్థితి చూశారు.

"మోకాళ్లు బయటికి తొయ్యి," అన్నారు. "వీపు వంచకు. మడమల మీద బరువుంచు. ఊఁ, లే."

క్రిస్టీనా లేచింది. బాలస్వామి కూడా లేచాడు. ఎలీసమ్మ మోసిన కాళ్లు తీసేసినా, పదిహేను కిలోలతో మొదలుపెట్టాల్సిన పిల్ల ఆ మధ్యాహ్నం నలభైకి పైగా ఎత్తి మంచం మీద పెట్టింది. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు. తన వల్లే ఇదంతా జరిగిందని ఏడుపొస్తోంది.

"ఈవిడెవరు?" అన్నాడు బాలస్వామి పడుకునే.

"ఫెయిలవ్వటం నేర్పే మేడంనండి," అని నసీమున్నీసా నేల మీద కాగితం తీసి చదివారు. చదివి పెన్ను అడిగారు. ఎర్రగా రాసిన మాటను మూడుచోట్లా కొట్టేశారు. "ఇది ఎవరు రాయమన్నారు? కొత్తగా మొదలెట్టేవాళ్లు ఇంకా రెండుసార్లు ఎత్తగలం అనగానే ఆపెయ్యాలి. ఈ మాట అసలు ఇందులో ఉండకూడదు."

ఎలీసమ్మ బియ్యం బస్తా మీద కూర్చుండిపోయింది.

బాలస్వామి మెడ తిప్పి ఆమె కింద ఉన్న బస్తా వైపు చూశాడు. "కింద నుంచి ఎత్తటం వేరే పనిలా ఉందే," అన్నాడు.

"వేరేనండి. నేర్చుకోవాలి."

"నేర్చుకుంటే నడుం పట్టదా?"

"పట్టకుండా ఉండటానికేనండి నేర్పేది."

బాలస్వామి కాగితం కోసం చెయ్యి చాచాడు. పడుకుని రాస్తుంటే పెన్ను నడవలేదు. ఎలీసమ్మ రెండుసార్లు విదిలించి ఇచ్చాక సంతకం పడింది.

పది రోజులకు బాలస్వామి లేచి కూర్చున్నాడు. నడుం గట్టిపడాలంటే కుర్చీలోంచి పదిసార్లు లేవటం, కూర్చోవటం, అదీ రోజు విడిచి రోజు చెయ్యాలని డాక్టరు చెప్పాడు. దగ్గరుండి చేయించే పని కాలేజీ నుంచి అలిసిపోయి వచ్చే క్రిస్టీనా మీద పడింది. బాలస్వామి వారం రోజులు చేసి, ఈ రొటీన్ తన ఒంటికి పడటం లేదని, ఫోన్లో ఇంకోటేదైనా చూడమన్నాడు.