రసూల్ సాహెబ్ పెట్టిన లోడు పరీక్ష

ఆ ఆదివారం పొద్దున రసూల్ సాహెబ్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. నాష్టా అయ్యాక సోలార్ కంపెనీ ఇంజనీరు వస్తాడు. తెచ్చిన బ్యాటరీని చూపిస్తాడు. సాహెబ్ దాన్ని పరీక్షిస్తాడు. మధ్యాహ్నం అన్నం వేళకు కొనాలా వద్దా అన్నది తేలిపోతుంది. ఆ తర్వాత హాయిగా ఒక కునుకు. ఇంత చిన్న పథకం కరెంటు స్తంభం దాకా పోతుందని ఎవరనుకుంటారు?

రసూల్ సాహెబ్ కడపలో బస్సు టికెట్ల చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. దారిలో బస్సు ఆపి, ఎక్కి, ఎదుటి మనిషి చెప్పేది నమ్మకపోవడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయింది గాని అలవాటు పోలేదు. పోయిన ఎండాకాలం నుంచి ఇంటికి సోలార్ పెట్టించాలని కంపెనీలను పిలిపిస్తూనే ఉన్నాడు, తిప్పి పంపుతూనే ఉన్నాడు. మొదటి కంపెనీవాడు "నమ్మండి సార్" అన్నాడు. టికెట్ లేనివాళ్ళంతా అనే మాట అదే కాబట్టి వాడు పోయాడు. రెండో కంపెనీ కాగితంలో ఇంటి ముందు పచ్చటి గడ్డి ఉంది. "కడపలో యాడుండాదప్పా ఈ గడ్డి?" అని అడిగి వాణ్ణీ పంపేశాడు. మూడోవాడు సాహెబ్ ఏమన్నా ఔనన్నాడు. అన్నిటికీ ఔననేవాడికి ఏమీ తెలియదని తేల్చేశాడు. ఇక మిగిలింది కిరణమాల సోలార్ కంపెనీ ఒక్కటే.

ఆయన భార్య నన్నీ బీ ఓపిక కూడా అడుగంటింది. నడింట్లో ఆమె గుడ్లు పొదిగే మిషన్ ఉంది. అందులో నాటుకోడి గుడ్లు. పోయిన చలికాలం ఇట్లాగే పెడితే రాత్రి కరెంటు పోయి మొత్తం మురిగిపోయాయి. డోన్‌లో ఉన్న వాళ్ళక్క ఆ సంగతి విని, కోడి ఉండగా మిషన్ ఏమిటికని పెళ్ళిళ్ళలో కూడా చెప్పి నవ్వింది. ఈసారీ పోతే మిషన్ను పాతసామాన్ల వాడికి ఇచ్చేసి మళ్ళీ కోడి మాట ఎత్తనని నన్నీ బీ ఒట్టు పెట్టుకుంది. ఒట్టు అయితే పెట్టుకుంది గాని, రోజూ పడుకోబోయే ముందు ఆ గాజు కిటికీలోంచి గుడ్లను చూసి ఏదో మాట్లాడి వచ్చేది.

"అజీ, మీరు కంపెనీలు చూసేలోపల కోళ్ళ వంశమే అయిపోయేట్టుండాది," అంది టీ గ్లాసు పెడుతూ.

"చూడకుండా కొంటే మునిగిపోతాం నన్నీ."

"సంవత్సరం నుంచి చూస్తానే ఉండారు. మునగనూ లేదు, తేలనూ లేదు. ఒకటే చెప్తాండా, ఇయ్యాలో రేపో పిల్లలు బయటికొస్తాయి. మీ పరీక్షలు మీరు చేసుకోండి. నా మిషన్ జోలికి మాత్రం రావద్దండి."

"నీ మిషన్ బ్యాటరీకి తగిలియ్యను. కరెంటు లైను మీదనే ఉంటాది. దానికంటే భద్రం ఏముండాది?" అని సాహెబ్ మాటిచ్చాడు.

కంపెనీ ఇంజనీరు వీరభద్ర చెప్పిన వేళకే వచ్చాడు. నెమ్మదైన మనిషి. చేతిలో ట్యాబు, వెనక వ్యాన్లో బ్యాటరీ పెట్టె, చూపించడానికి ఒక సోలార్ పలక. పలకను మిద్దె మీద ఎండకు వాల్చి పెట్టి, బ్యాటరీని వసారాలో దించి, ఇంటి వైర్లన్నీ దానికి కలిపాడు. సాహెబ్ మాట ప్రకారం నన్నీ బీ మిషన్ను మాత్రం కరెంటు లైను మీదే వదిలేశాడు. సాహెబ్ ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ అన్నీ ఒకేసారి వేశాడు. బ్యాటరీ చలించలేదు.

"ఇంతేనా?" అన్నాడు సాహెబ్. ఆయన ముఖంలో నిరాశ కనిపించింది.

"మీ ఇంటికి ఇంతకంటే అక్కర్లేదు సార్."

"నా ఇంటికి అక్కర్లేదు సరే. నీ బ్యాటరీ గట్టిదా కాదా? ఖాళీ బస్సు గువ్వలచెరువు ఘాటు ఎక్కితే ఏం గొప్పప్పా? నిండా జనమున్నప్పుడు ఎక్కాల."

అని గోడ దగ్గరకు పోయి పక్కింటి సోమక్కను కేకేశాడు. "సోమక్కా, మీ గ్రైండరు రోంతసేపు ఇస్తావా?"

"ఆ బండను ఎత్తాలంటే నలుగురు కావాల రసూలన్నా. వైరే ఇట్ల పారెయ్యి," అంది సోమక్క. "వడియాలకని ఉద్దిపప్పు నానబెట్టినా. కరెంటు యాడ నడాన ఆగిపోతాదో అని రుబ్బకుండా కూసోనుండా."

వైరు గోడ దాటింది. గ్రైండరు తిరిగింది. బ్యాటరీ అప్పటికీ చలించలేదు. సాహెబ్‌కు పట్టుదల పెరిగి ఎదురింటి కూలరుకు ఒక వైరు, మూలింటి ఇస్త్రీ పెట్టెకు ఒక వైరు పారేశాడు. పాడైపోయిందని మూలన పెట్టిన నీళ్ళ మోటారొకటి ఎవరో మోసుకొచ్చి "దీన్ని కూడా రోంత చూడన్నా" అన్నారు. దాన్నీ తగిలించారు. వీరభద్ర చెమట తుడుచుకుంటూ, "సార్, ఇది చూపించేదానికి తెచ్చిన సెట్టు సార్," అన్నాడు. "అందుకే చూస్తాండా," అన్నాడు సాహెబ్.

ఇంతలో వీధిన పోతున్న ఒకామె ట్యాబులో ఏదో రాసుకుంటున్న ఇంజనీరును, గోడలు దాటుతున్న వైర్లను చూసి ఆగింది. "ఏమక్కా, ఏం జరుగుతాంది ఈడ?" అని సోమక్కను అడిగింది.

"కరెంటు ఊరికే ఇస్తాండారు," అంది సోమక్క పిండి తీస్తూ. అబద్ధమేమీ చెప్పలేదు పాపం.

మన ఊళ్ళలో ట్యాబు పట్టుకున్న మనిషి కనబడితే ఆధార్ జిరాక్సు తెచ్చి ఇవ్వడం జనానికి అలవాటైపోయింది. దేనికని అడగరు. దేనికైనా కావచ్చు, ముందు పేరు ఎక్కాలి. కాసేపటికి వసారా ముందు ఆధార్లు, రేషన్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు పట్టుకొని జనం నిలబడ్డారు. వీరభద్ర "నాకేమీ వద్దమ్మా" అంటే, చాలలేదేమో అనుకొని ఫోటోలు కూడా తెచ్చారు.

అప్పుడైనా సాహెబ్ తలుపు వేసుకొని ఉంటే సరిపోయేది. కాని జనం తోసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన చేతకాని పని. ఉద్యోగం నాటి గొంతుతో "లైన్లో రాండి! ఒకరెనక ఒకరు!" అని అరిచాడు. దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. లైను వీధి మలుపు దాకా పెరిగింది.

లైను ఉన్నచోటికి బొజ్జన్న రాకుండా ఉండడు. ఆ వార్డుకు నాయకుణ్ణని ఆయనే చెప్పుకుంటాడు. మైకు సెట్టు ఉన్న ఆటోలో దిగి, ఎవరినీ ఏమీ అడగకుండా సాహెబ్ మెడలో కండువా వేసి, మైకు వైరు తీసి బ్యాటరీకి గుచ్చాడు.

"బొజ్జన్నా, ఇది నేను కొనేదానికి—" అని సాహెబ్ మొదలుపెట్టాడు.

"మీరు పెద్దోళ్ళు, కూసోండి సాహెబ్," అని బొజ్జన్న మైకు అందుకున్నాడు. "అక్కలారా, అన్నలారా! ఈ వీధికి ఉత్త పుణ్యానికి కరెంటు ఇప్పిస్తానని ఆ పొద్దు మాటిచ్చినా! పైవాళ్ళతో పోట్లాడి తెచ్చినా! ఇంగ మీరు చేయాల్సింది ఒకటే. కరెంటును పొదుపుగా వాడుకొని—"

పొదుపు దగ్గర మైకు ఆగిపోయింది. గ్రైండరు ఆగింది, కూలరు ఆగింది, ఇంట్లో ఫ్యాన్లూ ఆగాయి. నీళ్ళ మోటారు మాత్రం అసలు తిరగనే లేదు కాబట్టి దానికేమీ తెలియలేదు.

"ఇంత ఎండలో బ్యాటరీ ఖాళీ కాకూడదే సార్!" అంటూ వీరభద్ర మిద్దె మీదికి పరుగెత్తాడు. సాహెబ్ ఆయాసపడుతూ వెనకే ఎక్కాడు. సోలార్ పలక మీద పాత చీర పరిచి ఉంది. చీర నిండా వడియాలు వరసగా ఉన్నాయి. చివరి వరస పెడుతున్న సోమక్క తలెత్తి నవ్వింది.

"ఈ అద్దం భలే కాగుతాంది రసూలన్నా! మీ బ్యాటరీ ఎట్లుందో గాని ఇది మాత్రం కొను."

"తియ్యక్కా, ముందు అవి తియ్యి!" అన్నాడు వీరభద్ర. ఏడవడం ఒకటే తక్కువ.

"పచ్చివి నాయనా. ఇప్పుడెత్తితే ముద్దయిపోతాయి. ఎండినాక నేనే తీసుకుంటాలే."

ఈలోగా బొజ్జన్న మాటలు వెనక వీధిలో స్తంభం మీదున్న లైన్‌మన్ ఏసన్న చెవిన పడ్డాయి. కరెంటు ఎవరో ఊరికే పంచుతున్నారంటే ఆయన ఊరుకోలేడు గదా. బండి మీద వచ్చి, "ఎవరు ఇస్తాండారు ఈడ కరెంటు?" అని అడిగాడు. వీధి వీధంతా కృతజ్ఞతతో రసూల్ సాహెబ్‌ను చూపించింది.

ఏసన్న గోడలు దాటిన వైర్లను చూశాడు. "ఒక మీటరు మీద ఇన్ని ఇండ్లకు ఇయ్యకూడదు సార్."

"ఇది మీటరు కరెంటు కాదప్పా. బ్యాటరీ కరెంటు."

"ఏదీ, యాడ?"

సాహెబ్ బ్యాటరీని చూపించాడు. అందులో ఒక్క దీపమూ వెలగడం లేదు. చచ్చిన పెట్టెను చూపించి వీధికంతా కరెంటు దీన్లోంచే పోయిందంటే, సర్వీసులో ఉన్నప్పుడు తానైనా నమ్మేవాడు కాదని సాహెబ్‌కు అనిపించింది. అయినా చేసేదేమీ లేక, జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాడు.

"నమ్మప్పా."

ఏసన్న ఆయన్ను జాలిగా చూశాడు. స్తంభమెక్కి, ఆ ఇంటి ఫ్యూజు పీకి, జేబులో వేసుకొని దిగాడు. "ఇయ్యాల ఆదివారం. రేపు ఆఫీసుకు రాండి, పెద్దసారుతో మాట్లాడుకుందురు," అని బండెక్కి పోయాడు. ఆ చప్పుడు మలుపు తిరిగేలోగా లైనంతా మాయమైంది. ఈ సోలార్‌కూ తనకూ ఏ సంబంధమూ లేదని చెప్పి బొజ్జన్న కండువా కూడా తీసుకుపోయాడు.

అప్పుడు లోపలినుంచి నన్నీ బీ గొంతు వినిపించింది. "అజీ! మిషన్ ఆరిపోయింది!"

ఇంత గొడవలో ఆ గుడ్లు సాహెబ్‌కు గుర్తే రాలేదు. లోపలికి పోతే నన్నీ బీ మిషన్ ముందు నేల మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. గాజు కిటికీ మీద చెయ్యి పెట్టుకొని గుడ్లనే చూస్తోంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె తిట్లు పడ్డాడు గాని, ఇట్లా మాట్లాడకుండా ఉండడం ఆయన ఎరగడు. సిగ్గుతో కుంగిపోయాడు.

సోమక్క పరుగున వచ్చింది. "వడియాలు పోతే పోనీ, తీసేసినా వదినా," అంది. కాని ఖాళీ అయిన బ్యాటరీ మళ్ళీ నిండాలంటే సాయంత్రమైనా చాలదన్నాడు వీరభద్ర. ఉన్న వేడైనా పోకుండా కిటికీలు మూసి, తలుపులు వేసి, నలుగురూ ఆ గదిలో మిషన్ చుట్టూ కూర్చున్నారు.

ఊరికే కూర్చోవడం చేతగాక సాహెబ్ మిషన్‌లోని థర్మామీటరును వంగి వంగి చూడసాగాడు. ఎంతసేపైనా అది కదల్లేదు. కరెంటున్నప్పుడు ఎంత చూపించిందో అంతే చూపిస్తోంది.

"ఇది చెడిపోయింది," అన్నాడు చివరికి. "మిషన్ ఆగి ఇంతసేపైనా వేడి తగ్గలేదంటాంది. ఏ కంపెనీది ఇది?"

సోమక్క పోయి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చింది. దాన్ని గదిలో పెట్టి చూస్తే గదికే జ్వరం చూపించింది.

"ఇద్దరూ ఒకే అంగట్లో కొన్నట్టుండారు," అన్నాడు సాహెబ్ విసుగ్గా.

నన్నీ బీ తలెత్తి భర్తను చూసింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, గడ్డం లోంచి చెమట కారుతోంది. "అజీ, మీకు ఉక్క పోస్తాందా?"

"ఉక్కా? ఉడికిపోతాండా!"

"మరి గుడ్లకు చలేస్తాదా?" అంది నన్నీ బీ. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని దాని అర్థం ఆమెకూ తట్టలేదు. చటుక్కున లేచి మిషన్‌లోకి తొంగి చూసింది.

ఒక గుడ్డు మీద సన్నటి పగులు. దాని లోపలినుంచి, అక్కడున్న ఎవరినీ లెక్కచేయని గొంతుతో, కిచ్‌మంటూ ఒక కేక.

నన్నీ బీ కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చేసింది. సోమక్క ఆమెను పట్టుకొని తానూ ఏడ్చింది. పొద్దు వాలేసరికి తడి రెక్కలతో తూలుకుంటూ పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఇంకా పగలని గుడ్లను పిల్లలు లోపలినుంచి పొడుస్తున్నాయి. డోన్‌కు ఫోన్ చేసి అక్కకు ఆ కిచకిచలు వినిపించాకే నన్నీ బీ అందరికీ టీ పెట్టింది.

టీ తాగి వీరభద్ర గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆర్డరు రాసుకోమంటారా?"

సాహెబ్ నోరు తెరిచేలోగా నన్నీ బీ వెనక తలుపు బార్లా తీసింది. రేకుల షెడ్ల వెనక్కి ఎర్రగా దిగిపోతున్న సూర్యుణ్ణి చూపించింది.

"నేను చూసిన కంపెనీ అదీ. వైరు లేదు, ఇంజనీరు లేడు, పీక్కొని పోయేదానికి ఫ్యూజు లేదు. అడగకుండానే నా పిల్లల్ని బతికించింది. దాంట్లో ఏం వంక పెడతారో పెట్టండి చూద్దాం."

రసూల్ సాహెబ్ గడప దగ్గర నిలబడి, సూర్యుడు పూర్తిగా మునిగేదాకా శ్రద్ధగా చూశాడు.

"రాత్రిళ్ళు సర్వీసు లేదు గదా నన్నీ," అన్నాడు.