బండి ఖాళీగనే పోతది

ఆ ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ, ఈసారి కోరుట్లకు సొంత బండిలోనే పోవాలని నర్సింగం నిశ్చయించుకున్నాడు. అతనికి బండి లేదు. నడపడమూ రాదు. ఇంత పెద్ద నిశ్చయానికి అంత చిన్న విషయాలు అడ్డొస్తాయని అతనికి తోచలేదు.

బొంబాయి పక్కన భివండి శాంతి నగర్‌లో అతనికి ఒక రేకుల షెడ్డు, అందులో పన్నెండు మగ్గాలు ఉన్నాయి. ఆ గల్లీలో అందరూ అతన్ని సేటూ అనే పిలుస్తారు. అననిది ఒక్క కోరుట్లలోనే, అందులోనూ ముఖ్యంగా తోడల్లుడు సిద్ధిరాములు. పోయినసారి ఒక పెళ్ళిలో, నెత్తిన మూటతో బస్సు దిగి వచ్చిన నర్సింగాన్ని నలుగురికీ చూపించి, "మా సడ్డకుడు. బొంబాయి దిక్కు మగ్గం నడుపుతడు" అన్నాడు. ఒక్క మగ్గం! మిగిలిన పదకొండూ ఏ గంగలో కలిశాయో చెప్పలేదు. ఆ రోజు తిన్న పెళ్ళి భోజనం నర్సింగానికి ఇప్పటికీ అరగలేదు. ఇప్పుడు ఆ సిద్ధిరాములే కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఆ నోటితోనే, ఆ నలుగురిలోనే, సేటు అనిపించుకోవాలి. నర్సింగం బతుకులో ఇక మిగిలిన కోరిక అదొక్కటే.

"ఓదెమ్మా, బండి కొంటున్న. పెద్దది. సిద్ధిరాములన్న ఇంటి ముంగట ఆపితె ఆయన కొత్త అరుగు ఎవలికీ కనవడొద్దు," అన్నాడు భార్యతో.

"మాన్కోలి కాడ రోజూ బస్సు దొరుకుతది గద. హాయిగ పండుకోని పోవచ్చు."

"బస్సుల పోయేటోడు సేటెట్లయితడే?"

"ఆ బస్సు గూడ ఒక సేటుదే," అని ఓదెమ్మ చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నానికల్లా దలాల్ అంకుశం బండితో సహా దిగాడు. ఎనిమిది మంది కూర్చునే జీపు, లారీకి తమ్ముడిలా ఉంది. "డాక్టరు బండి సేటూ. దవాఖాన, ఇల్లు, గంతే తిరిగింది. ఎండ సుత సూడలే," అన్నాడు. భివండిలో అమ్మకానికి వచ్చే పాత బండ్లన్నీ డాక్టర్లవే. ఊళ్ళో నిజంగా అంతమంది డాక్టర్లుంటే, మగ్గాల దూదికి ఇంతమంది దగ్గుతూ ఉండరు.

ఓదెమ్మ బండి చుట్టూ తిరిగి వచ్చింది. "సీటు వెనుక మరాఠీల ఏందో రాసున్నది. ఏందయ్యా అది?"

నర్సింగం కూడబలుక్కుని చదివాడు. చిల్లర ఇచ్చి సహకరించండి అని ఉంది.

"డాక్టరు బండ్ల చిల్లరెందుకు?" అంది ఓదెమ్మ.

"ఫీజుకు వదినా," అన్నాడు అంకుశం, కనురెప్ప కూడా కదపకుండా.

బండి కొన్న మర్నాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గల్లీ అందరికీ దావత్ ఇచ్చాడు నర్సింగం. అసలు కథ ఇక్కడే మొదలైంది. మనవాళ్ళలో ఒక మర్యాద ఉంది. మనం తింటుండగా ఎవరైనా గడప ముందుకు వస్తే "రా, అన్నం తిను" అనాలి. వచ్చినవాడు ఆకలితో కళ్ళు తిరుగుతున్నా "ఇప్పుడే తినొచ్చిన" అనాలి. పిలిచినవాడికీ తెలుసు, వచ్చినవాడికీ తెలుసు, గిన్నెలో ఉన్న అన్నానికీ తెలుసు. తాతల నాటి ఈ ఒప్పందం వల్లే ఎన్నో సంసారాలు గట్టెక్కాయి. నర్సింగం అదే అలవాటు కొద్దీ, రెండు గ్లాసుల ఉత్సాహం కూడా కలిపి, మాంసం వడ్డిస్తూ కనిపించిన ప్రతివాడితోనూ అన్నాడు: "బేస్తారం ఊరికి పోతున్నం. బండి ఖాళీగనే పోతది గద, మీరు గూడ రాండ్రి!"

అన్నానికి జవాబు తాతలు నేర్పారు. బండికి ఏం జవాబు చెప్పాలో ఎవరూ నేర్పలేదు. అందుకని అందరూ "సరే" అన్నారు.

గురువారం తెల్లవారి నర్సింగం తెల్లచొక్కా వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బయటికి వచ్చేసరికి ముందు సీటులో పక్కింటి పెంటవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో పచ్చడి జాడీ.

"అవ్వా, అది నా జాగ..."

"ఎనుక కూసుంటె నాకు వాంతులైతయి బిడ్డా. నువ్వే రమ్మంటివి గద. నీ కడుపు సల్లగుండ, ఎవలంటరు ఈ కాలంల!"

తిట్టినవాణ్ణి నిలదీయవచ్చు గానీ దీవించినవాళ్ళను ఎలా దించుతారు? నర్సింగం మధ్య సీటుకు నడిచాడు. అక్కడ అతని షెడ్డులోనే మగ్గం నడిపే గట్టయ్య, భార్య, ఆమె చెల్లెలు, వాళ్ళ పిల్లలు అప్పటికే సర్దుకున్నారు. వెనుక సీటులో పక్క గల్లీ రోజా, ఆమె అత్త, ఆ అత్త బిడ్డకు పెడుతున్న కుట్టుమిషను ఉన్నాయి. కుట్టుమిషనుకు కిటికీ పక్క సీటు దొరికింది. రాలేనివాళ్ళు మర్యాద తప్పకుండా మూటలు పంపారు. చీరలు, తువ్వాళ్ళు, ఒక కూలరు, మంచం పట్టెలు బండి నెత్తికెక్కాయి. కిరాయికి మాట్లాడిన డ్రైవరు స్వామి, ఇంతమంది పోతుంటే తన పెళ్ళాం ఒక్కతీ ఏం పాపం చేసిందని ఆమెనూ వెంటబెట్టుకొచ్చాడు.

"సేటూ, నేను బస్సుల పోదునా ఏంది?" అని అడిగాడు గట్టయ్య, సీటులోంచి కదలకుండా.

"అయ్యో, వద్దు వద్దు," అన్నాడు నర్సింగం. మర్యాద ఒకసారి పట్టిందంటే జలుబులా అంత త్వరగా వదలదు.

ఓదెమ్మ ఎలాగో రోజా పక్కన ఇరుక్కుంది. నర్సింగానికి మధ్య తలుపు దగ్గర సగం సీటు దక్కింది. మిగతా సగం అతను గాలిలో కూర్చున్నాడు. తలుపు మూతపడకపోతే స్వామి తాడుతో కట్టాడు. బండి మూలుగుతూ బయల్దేరింది.

మాన్కోలి నాకా దగ్గర ట్రాఫిక్ హవల్దారు చెయ్యి అడ్డం పెట్టాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తాడును చూసి, నర్సింగాన్ని చూశాడు. "సేట్, యే గాడీ హై కి బారాత్?" ఇది బండా, పెళ్ళి ఊరేగింపా అని.

"సబ్ ఘర్‌కే లోగ్ హై సాబ్," అన్నాడు నర్సింగం, అందరూ ఇంటివాళ్ళేనని నమ్మిస్తూ.

"దర్వాజా బంద్ కరో, ఫిర్ జావ్. రస్సీ నహీ చలేగా." తలుపు మూసుకుని పొమ్మంటున్నాడు, తాడు కుదరదంటున్నాడు. న్యాయమైన మాటే. తలుపు మూతపడాలంటే ఒక్కరు దిగితే చాలు. నర్సింగం లోపలికి తొంగి చూశాడు.

"నేను దిగుతనా బిడ్డా?" అంది పెంటవ్వ. "దిగుమంటె దిగుత. గని తొలి పయనంల ముసల్దాన్ని దింపితె బండికి అచ్చిరాదని మా అత్త అంటుండె."

గట్టయ్య నిద్రపోయాడు. మాన్కోలి దాకా పిల్లలతో పోట్లాడుకుంటూ వచ్చినవాడికి అంతలోనే గాఢనిద్ర పట్టింది. రోజా అత్త కుట్టుమిషనును కావలించుకుంది. స్వామి స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. నర్సింగం చివరికి భార్య వైపు చూశాడు.

"మా అక్క ఇంటికి నేను బస్సుల పోవాల్నా? గందుకేనా బండి కొన్నది?" అంది ఓదెమ్మ.

ఆలోచించగా, ఆ బండిలో లేకపోయినా ఎవరికీ ఏ లోటూ రానివాడు ఒక్క యజమానే అని తేలింది. నర్సింగం దిగాడు. తలుపు టక్కున మూతపడింది. "పైలం సేటూ!" అని నిద్రలోంచే చెయ్యి ఊపాడు గట్టయ్య. తన బండి తనను వదిలిపోతుంటే రోడ్డు పక్కన నిలబడ్డ నర్సింగానికి నిజంగానే ఏడుపొచ్చింది. నల్లకళ్ళద్దాలు ఆ పూటకు అలా పనికొచ్చాయి.

సాయంత్రం కోరుట్ల బస్సు వచ్చింది. తలుపు తీస్తూ క్లీనరు, "సేటూ, బండి కొన్నరట గద, తిరుగుడు షురువైందా?" అన్నాడు.

"అయింది," అన్నాడు నర్సింగం.

బస్సు తెల్లారేసరికి కోరుట్ల చేరింది. జీపు మాత్రం దారిలో ప్రతి ఊరూ తిరిగి మూటలు అప్పజెప్పుకుంటూ, ప్రతి ఇంట్లో చాయ్ తాగుకుంటూ వస్తోంది. నర్సింగం మళ్ళీ బస్సు దిగి, ఈసారి మూట కూడా లేకుండా చేతులు ఊపుకుంటూ, నలిగిన తెల్లచొక్కాతో తోడల్లుడి కొత్త అరుగు ముందు నిలబడ్డాడు. అరుగు చాలా బాగా కనబడుతోంది.

"రా తమ్మీ," అన్నాడు సిద్ధిరాములు. "బండి కొన్నవని ఓదెమ్మ ఫోన్ చేసె. మరి ఏదీ?"

"ఎనుక వస్తున్నది అన్నా."

"బండి ఎనుకొస్తదా? బండోడు ముందొస్తడా?" అరుగు మీదివాళ్ళంతా నవ్వారు. పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలు మొదలయ్యాయి. బండి జాడ లేదు. విస్తరి ముందు కూర్చున్న నర్సింగం ప్రతి హారనుకూ మెడ చాచి చూశాడు. ఇప్పుడు ఆ ఒక్క మగ్గం కూడా పోయి, అబద్ధాలకోరన్న పేరే మిగిలేలా ఉంది.

చివరి పంక్తి లేస్తుండగా జీపు హారను మోగించుకుంటూ వచ్చి ఆగింది. అరుగు నిజంగానే కనబడకుండా పోయింది. ఓదెమ్మ దిగింది. సిద్ధిరాములు బండినీ, అందులోంచి తెగకుండా దిగుతున్న జనాన్నీ చూసి నోరు తెరిచాడు. "వీళ్ళంత ఎవలు?"

"మా షెడ్డుల పని చేసేటోళ్ళు, మా గల్లీలోళ్ళు బావా," అంది ఓదెమ్మ.

"మరి తమ్మి బస్సులెందుకొచ్చిండు?"

పెంటవ్వ కళ్ళు తుడుచుకుంది. "మా కోసం దిగిండు బిడ్డా. మమ్ముల ఎక్కిచ్చి, తను నడి రోడ్డు మీద నిలవడ్డడు. గట్లాంటి సేటును నేనైతె సూడలే."

సిద్ధిరాములు నర్సింగం భుజం మీద చెయ్యి వేసి, పంక్తిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అన్నాడు: "సూడుండ్రి. పనోళ్ళను బండ్ల తోలి తను బస్సుల వచ్చిండు. గీన మా సడ్డకుడు. సేటంటె గీన సేటు!"

నర్సింగం గుండె ఉప్పొంగింది. పెళ్ళి నాటి భోజనం ఆ క్షణాన అరిగింది. పొంగిన గుండెలోంచి మాట దానంతటదే బయటికి వచ్చింది. ఓదెమ్మ కళ్ళతో సైగ చేసే లోపే వచ్చేసింది.

"మీరు గూడ రాండ్రి అన్నా, బొంబాయి సూస్తురు. బండి ఖాళీగనే పోతది గద!"

తిరుగు ప్రయాణం నాడు పొద్దున్నే సిద్ధిరాములు కుటుంబంతో సహా వచ్చి, వెనుక కూర్చుంటే తనకూ వాంతులవుతాయని ముందు సీటు ఎక్కాడు. నర్సింగం అప్పటికే బస్టాండుకు పోయి, భివండి బస్సులో కిటికీ పక్క సీటు అడిగి మరీ తీసుకున్నాడు. సేటన్నాక ఆ మాత్రం దర్జా ఉండాలి.