ఒక్క దీర్ఘం తేడా

ఆ ఇంట్లో బీరువా తాళాలు ఇంటావిడ దగ్గరుంటాయి. టీవీ రిమోటు అత్తగారి దిండు కింద ఉంటుంది. ఇంటాయన చేతిలో ఉన్న ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది ఒక గొడుగు. అదీ వాన పడే రోజున ఆవిడే పట్టుకెళుతుంది.

అలాంటి మనిషికి ఒక ఆదివారం పొద్దున్నే అధికారం చేతికొచ్చింది. వచ్చిన అధికారం ఎన్ని గంటలు నిలిచిందన్నదే మనకు కావలసిన సంగతి.

ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతారు. అక్కడ అందరూ ఆయన్ని దీర్ఘం గారు అంటారు. ఎప్పుడో ఒక గాయని గురించి "వేదిక మీద అద్భుతంగా పాడింది" అని వేయాల్సిన చోట దీర్ఘం ఎగిరిపోయి "అద్భుతంగా పడింది" అని అచ్చు కాబోతుంటే, పరుగున వెళ్ళి యంత్రం ఆపించి, ఆ గాయనిని పడకుండా కాపాడారు. ఆనాటి నుంచి పేరు అలా స్థిరపడిపోయింది. ఆయనకూ అది ఇష్టమే.

అచ్చాఫీసుకు వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. రెండింటిలోనూ నిలబడాలి. ఆయన మోకాళ్ళు ఏడాదిగా మొరాయిస్తున్నాయి. ఇలా ఉండగా యజమాని ఒక చల్లని కబురు చెప్పారు. ఒక్కరికి మాత్రం ఇంటి నుంచే పని చేసుకునే వీలు కల్పిస్తారట. పోటీలో ఇద్దరున్నారు. ఒకరు మన దీర్ఘం గారు, రెండోవారు మూడు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకునే కామా గారు. ఆదివారం పదకొండింటికి కంప్యూటర్‌లో కనబడి, పంపిన పేజీని అక్కడికక్కడే దిద్ది పంపాలి. చేతకాని వాళ్ళకు రెండు బస్సులూ ఖాయం.

అందుకే ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఎనిమిదింటికే మీసాల మెకానిక్కు వచ్చి, కిటికీ పక్కన చిల్లు పొడిచి, తీగ లోపలికి లాగి, ముందుగదిలో ఆవిడ కుట్టు మిషను పైనున్న అరలో మూడు కొమ్ముల రౌటర్ పెట్టె బిగించాడు. పచ్చ దీపాలు వెలిగాయి.

"పాస్‌వర్డ్ పెట్టేసి, కంప్యూటర్లన్నీ కలిపి వెళ్తానండీ. పది నిమిషాల పని," అన్నాడు మెకానిక్కు.

"అక్కర్లేదు. అక్షరాల పని నాకొదిలెయ్యండి."

"పెట్టె అడుగున చీటీ ఉందండీ. దాని మీద రెండు పాస్‌వర్డులున్నాయి. ఒకటి నెట్టుకి, రెండోది పెట్టె లోపలి సెట్టింగులకి. రెండూ మార్చుకోండి."

"ముప్పై ఏళ్ళుగా మార్చడమే నా పని," అని దీర్ఘం గారు అతన్ని గుమ్మం దాకా సాగనంపారు. వెనక్కి వచ్చేసరికి రెండోదాని సంగతి మరిచిపోయారు.

ఆయన మనసులో ఉన్న పథకం వేరు. ఇకనుంచి ఇంట్లో ఎవరికి నెట్టు కావాలన్నా తన దగ్గరికి రావాలి. వచ్చి, చేతులు కట్టుకుని, పాస్‌వర్డ్ అడగాలి. తను కాస్త ఆలోచించి, కాదనలేక ఇచ్చినట్టు ఇవ్వాలి. గొడుగు మీద బతికిన మనిషికి అంతమాత్రం ఆశ ఉండడంలో తప్పులేదు.

వెనకగదిలో అచ్చాఫీసు వాళ్ళిచ్చిన కంప్యూటర్ ముందు కూర్చుని బుర్ర గోక్కున్నారు. కనీసం ఎనిమిది అక్షరాలుండాలని తెర మీద రాసి ఉంది. పుట్టినరోజులు వద్దు, పేర్లు వద్దు. అప్పుడు తట్టింది ఒక మహత్తరమైన మాట.

చెప్పను.

ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. సరిగ్గా ఎనిమిది! ఎవరైనా పాస్‌వర్డ్ ఏంటని అడిగితే 'చెప్పను' అంటారు. అది అబద్ధం కాదు. నిజం ముఖాన కొట్టినట్టు చెప్పేసినా అవతలివాళ్ళకి అర్థం కాదు. దీర్ఘం గారికి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. కంప్యూటర్ కలిసింది. ప్రపంచమంతా వెనకగదిలోకి వచ్చి కూర్చుంది.

తొమ్మిదిన్నరకు ఆవిడ వచ్చింది. మెడలో కొలతల టేపు, చేతిలో లాప్‌టాప్.

"ఏవండీ, పాస్‌వర్డ్ ఏంటి? ఒకావిడ గౌను నమూనా పంపిందట."

"చెప్పను."

"అంటే?"

"అంటే ఏముంది, చెప్పను."

"కుట్టి రేపటికివ్వాలండీ!"

"నువ్వు ఎన్నిసార్లడిగినా నా సమాధానం ఒక్కటే. చెప్పను."

ఆవిడ ఆయన వైపు కాసేపు అలాగే చూసింది. కోప్పడుతుందేమోనని ఆయన ఎదురుచూశారు. కోప్పడలేదు. "సరే," అని వెళ్ళిపోయింది. ఆ ఒక్క 'సరే'కి ఆయన భయపడి ఉండాల్సింది. కానీ అప్పటికే గెలుపు తలకెక్కింది.

తరవాత అత్తగారొచ్చారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్ళు లైన్లు కలిపి రిటైరైన మనిషి. దేన్నైనా నెంబరనే అంటారు.

"అల్లుడుగారూ, నెంబరేంటి? మా పాత స్నేహితురాలితో మాట్లాడాలి."

"చెప్పను అత్తయ్యగారూ."

"నా సర్వీసులో దొంగలకీ దొరలకీ లైను కలిపాను నాయనా. నెంబరడిగితే చెప్పనన్న మనిషిని మిమ్మల్నే చూస్తున్నా," అని ఆవిడా వెళ్ళిపోయారు.

ఇద్దరినీ ఓడించిన దీర్ఘం గారు కాఫీ కలుపుకుని వసారాలో కూర్చుని, కాలు మీద కాలేసుకుని తాగారు. సోమవారం నుంచి బస్సులో తన చోట నిలబడబోయే కామా గారి మీద కాస్త జాలి కూడా పడ్డారు.

పదీ నలభైకి వెనకగదిలోకి వెళ్ళి చూస్తే కంప్యూటర్లో నెట్టు లేదు.

'పాస్‌వర్డ్ తప్పు' అని ఉంది తెర మీద. ఆయన జీవితంలో ఆ మాట ఇతరుల కాగితాల మీద రాశారే తప్ప తన మీద ఎవరూ రాయలేదు. చిరునవ్వుతో 'చెప్పను' అని మళ్ళీ కొట్టారు. తప్పు. చిరునవ్వు తీసేసి కొట్టారు. తప్పు.

లోపం పెట్టెదేమో అనుకుని ముందుగదిలోకి పరిగెత్తారు. పెట్టెను ఆర్పి వెలిగించారు. వెనకగదికి పరుగు, తప్పు. కొమ్ములు మూడూ వెనకగది వైపు వంచారు. పరుగు, తప్పు. అర ఎత్తు చాలలేదేమో అని స్టూలెక్కి పెట్టెను బీరువా మీదికి చేర్చబోతే, తీగ కాలికి చుట్టుకుంది. పడబోతూ పక్కనే ఉన్న ఆవిడ గౌన్లు తొడిగే నిలువెత్తు బొమ్మను కౌగిలించుకున్నారు. ఇద్దరూ కలిసి కత్తిరింపు ముక్కల కుప్పలో పడ్డారు.

ఆవిడ కుట్టు ఆపలేదు. "ఆ గౌను సూదులతో ఉందండీ, జాగ్రత్త," అంది.

ఆ జాగ్రత్త ఒక్క క్షణం ఆలస్యంగా అందింది. దీర్ఘం గారు లేచి, ఒక చేత్తో వెనకభాగం తడుముకుంటూ వెనకగదికి చేరుకున్నారు.

అప్పుడు వృత్తిధర్మం మేలుకుంది. తప్పు అక్షరాల్లోనే ఉంటుంది! 'చ'కి ఒక అక్షరం వేశానా, రెండా? ఇంకో 'హెచ్' వేస్తే 'ఛ' అని చదవరూ? 'ప'కి ఒత్తిచ్చానా? కాగితం తీసుకుని వరసగా రాసుకుంటూ పోయారు. పదిహేడు రకాల 'చెప్పను'లు తేలాయి. ఒక్కోటీ కొట్టారు. పదిహేడూ తప్పే. గడియారం పదీ యాభై మూడు చూపిస్తోంది. కళ్ళ ముందు రెండు బస్సులు వచ్చి ఆగాయి.

సరిగ్గా అప్పుడే అత్తగారి గదిలోంచి పగలబడి నవ్వు వినిపించింది. తలుపు తోసి చూస్తే, అత్తగారు కూతురి లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద మరో ముసలావిడ పళ్ళసెట్టు తీసి చూపిస్తోంది.

"అత్తయ్యగారూ! మీకు నెట్టు వస్తోందా?"

"గంట నుంచీ. లైను గాజులా ఉంది."

దీర్ఘం గారు గుక్క తిప్పుకోకుండా ముందుగదిలోకి వచ్చి, కుట్టు మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పథకంలో ఆ భంగిమ వేరే వాళ్ళ కోసం అనుకున్నది.

"ఏమోయ్, పాస్‌వర్డ్ ఏంటి?"

"చెప్పాను," అంది ఆవిడ, దారం కొరుకుతూ.

"ఎప్పుడు చెప్పావు?"

"ఇప్పుడే."

"ఏం చెప్పావు?"

"చెప్పాను."

"అదే నేనడిగేది! ఏం చెప్పావని?"

"చెప్పానండీ బాబూ!"

"అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి. ఇది నాకేమైనా చెప్పిందా?"

"చెప్పింది. నేను విన్నాను," అన్నారు అత్తగారు లోపలి నుంచి.

పదీ యాభై ఆరు. దీర్ఘం గారు కట్టుకున్న చేతులు విప్పి జోడించారు. "చూడు, నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. వంగితే మోకాళ్ళు మళ్ళీ లేవవని ఆలోచిస్తున్నాను. ఆ బస్సుల్లో ఇంక నా వల్ల కాదే. నిలబడలేకపోతున్నాను. ఎవరికీ చెప్పలేదు గానీ, మొన్న బస్సులో కూలబడిపోయాను."

కుట్టు మిషను ఆగింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "కూలబడ్డారా? నాతో చెప్పరేం?"

"ఎలా చెప్పను?"

"చెప్పను, చెప్పను! పందొమ్మిదేళ్ళుగా ఇదే. పొద్దున మీరు అదే మాట అంటుంటే భుజాలు ఊగుతున్నాయి. జోకు దాచుకున్నప్పుడల్లా మీ భుజాలు అలాగే ఊగుతాయి. భుజాల కొలతలు తీసుకుని బతికేదాన్ని, ఆ మాత్రం కనిపెట్టలేనా? మీరన్న మాటే కొట్టాను, కలిసింది. ఆ చీటీ మీదున్న రెండోదాన్ని మీరు మార్చలేదు. వీధి తలుపుకి తాళమేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టుంది. అమ్మ చీటీ చదివింది, నేను లోపలికెళ్ళి మీ పాస్‌వర్డ్ మార్చాను. వచ్చి అడుగుతారనుకున్నాను, మీరు బీరువా ఎక్కారు."

"దేనికి మార్చావు?"

"మీరు 'చెప్పను' అన్నారు. నేను 'చెప్పాను' అంటున్నాను. తేడా ఏంటో నేను చెప్పాలా, దీర్ఘం గారూ?"

ముప్పై ఏళ్ళుగా ఊరందరి దీర్ఘాలూ కనిపెట్టిన మనిషి నుదురు కొట్టుకున్నారు. తరవాత మోకాళ్ళ సంగతి మరిచిపోయి వెనకగదికి పరిగెత్తారు.

"'పా'కి రెండు 'ఏ'లు వెయ్యండీ!" అని ఆవిడ వెనకనుంచి కేకేసింది.

కంప్యూటర్ కలిసింది. పదకొండూ రెండుకి యజమాని మొహం తెర మీద ప్రత్యక్షమైంది. ఆ పక్క గడిలో కామా గారి కుడి చెవి ఒక్కటే కనబడుతోంది. కాసేపటికి, ఒక కామా పెట్టినట్టుగా ఆగి, లైను తెగి అదీ మాయమైంది.

పేజీ వచ్చింది. దీర్ఘం గారు పది నిమిషాల్లో దిద్ది పంపారు. పదకొండు తప్పులు పట్టారు. యజమాని చూసి తలూపారు.

"బాగుంది. ఒక్క అనుమానం. మన పుస్తకాలు అచ్చు కాకముందే బయటికి పోకూడదు కదా. మీ పాస్‌వర్డ్ గట్టిదేనా? ఎవరెవరికి తెలుసు?"

దీర్ఘం గారికి 'నాకొక్కడికే' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ వెనక అత్తగారు. ఆ మాట మింగేశారు.

"నిజం చెప్పాలంటే, పదకొండింటిదాకా నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసండీ. పెట్టింది నేనే. గట్టిగా మార్చింది మాత్రం మా ఆవిడ."

యజమాని కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. "అయితే ఇంట్లో మీ మీద కూడా ప్రూఫు చూసేవాళ్ళున్నారన్నమాట. సోమవారం నుంచి పేజీలు ఇంటికే పంపిస్తాను. లైను పోతే పిలవాలి, మీ ఆవిడ నెంబరివ్వండి."

"నా నెంబరుందిగా సార్?"

"మీది వద్దు," అన్నారు యజమాని.

అత్తగారు వెనకనుంచి ఒక్కో అంకె విడివిడిగా, ఎక్స్‌ఛేంజి గొంతుతో చదివి వినిపించారు.

మాట్లాడటం అయ్యాక దీర్ఘం గారు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఇక బస్సుల్లేవు. ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఆవిడ వేణ్ణీళ్ళ సీసా తెచ్చి మోకాలి మీద పెట్టింది.

"ఇదిగో," అన్నారు ఆయన బుద్ధిగా. "ఇంక మార్చవుగా? ఒకవేళ మారిస్తే నాకు చెబుతావా?"

ఆవిడ సీసాను రెండో మోకాలి మీదికి జరిపింది.

"చూద్దాం," అని ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

కుట్టు మిషను మళ్ళీ మొదలైంది. దీర్ఘం గారు కాసేపు గుమ్మం వైపు చూశారు. తరవాత ఎవరూ చూడకుండా కాగితం దగ్గరికి లాక్కుని, 'చూద్దాం' ఎన్ని రకాలుగా రాయొచ్చో వరసగా రాసుకోవడం మొదలుపెట్టారు.