త్వరిత జపనీస్ కేసు

ప్రభుత్వం తలచుకుంటే ఏ భాషైనా నిర్ణీత గడువులోగా మనిషికి వచ్చి తీరుతుంది. రాకపోతే తప్పు ఆ భాషదే. పరిపాలనకు పునాదిలాంటి ఈ సూత్రానికి మొట్టమొదటి దెబ్బ జగిత్యాలలో తగిలింది, ఒక సమావేశ మందిరంలో, అతిథికి టీ ఇంకా రాకముందే.

జపాన్ నుంచి వచ్చిన ఇషిదా గారు వేదిక మీద నిలబడి ఉన్నారు. ఎదురుగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కేంద్రాల్లో త్వరిత జపనీస్ పూర్తిచేసిన ప్రతిభావంతులైన విద్యార్థులు. ఆయన జపనీస్‌లో ఒక చిన్న ప్రశ్న అడిగారు. పిల్లలందరూ లేచి, ఒక్క గొంతుతో, తడుముకోకుండా చాలాసేపు మాట్లాడారు. నోరు విప్పనిది సిరిసిల్ల అమ్మాయి మానస ఒక్కతే. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇషిదా గారు చివరిదాకా విని, నడుము వంచి నమస్కరించి, హైదరాబాదు నుంచి తనతో వచ్చిన దుబాసీ చెవిలో ఏదో చెప్పారు. దుబాసీ అమ్మాయి మైకు అందుకుంది.

"చాలా తియ్యగా ఉందంటున్నారు సార్. ఇది ఏ భాష అని అడుగుతున్నారు."

టీ తెస్తున్న మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు.

మొదట తేరుకున్నది రాజమౌళి గారు. ఈయన త్వరిత విదేశీ భాషల ప్రావీణ్య పథకానికి ప్రత్యేకాధికారి. (ఆ పథకం కింద ఉన్నది ఒకే భాష. అయినా హోదాలో బహువచనం ఉంటే గది పెద్దది ఇస్తారు.) ఆయన దుబాసీని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, అతిథి గారిది జపాన్‌లో ఏ జిల్లా అని అడిగారు.

"మనకు కోస్తా మాట వేరు, మన మాట వేరు గదమ్మా. మా పిల్లలు నేర్చింది అక్కడి తెలంగాణ కావచ్చు. సారు అక్కడి కోస్తాయన కావచ్చు."

దుబాసీ ఈ వాదాన్ని మర్యాదగా తోసిపుచ్చింది. పిల్లలు మాట్లాడినదానిలో జపాన్‌లో ఏ మూలనైనా వినిపించే మాట ఒక్కటీ లేదని తేల్చింది.

ఇక్కడ అసలు చిక్కు చెప్పాలి. ఇషిదా గారు వచ్చింది టీ తాగడానికి కాదు. ఈ పిల్లల్లో ఒకరిని తమ దేశంలోని ఒక పాఠశాలకు ఏడాది చదువుకు తీసుకువెళ్ళడానికి. సాయంత్రానికి ఆయన కారు కదులుతుంది. నిబంధనల ప్రకారం, పథకంలో తప్పు జరిగిందని తేలితే దోషి ఎవరో ప్రకటించేదాకా ఏ విద్యార్థినీ పంపకూడదు. దోషి దొరక్కుండా కారు కదిలితే సీటు మురిగిపోతుంది.

ఆ సంగతి విన్నాక మానస కిటికీ వదిలి దుబాసీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, గీ సీటు పోనియ్యకుండ్రి. మా ఇంట్ల ఇప్పటిదాక దేశం దాటినోళ్ళంత పనికే దాటిండ్రు. నేను చదువుకు దాటుదామనుకున్న."

రాజమౌళి గారు అక్కడికక్కడే విచారణ ప్రారంభించారు. విచారణాధికారి ఆయనే. (పథకం గురించి పూర్తిగా తెలిసినవారే విచారించాలని నిబంధన. తెలిసినవారు మరొకరు లేరు.) అతిథి కుర్చీ ఒక పక్కకు జరిగింది. టీ లోపలికి వచ్చింది.

కేసు పూర్వాపరాలు ఇవి.

పథకానికి ప్రతిభావంతులను ఎంపిక చేయడానికి ఒక పరీక్ష ప్రకటించారు. పరీక్ష రోజే తెలంగాణ బందు పడింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. దాంతో ప్రతిభ దానంతట అదే తేలిపోయింది. బందు నాడు పరీక్షా కేంద్రానికి చేరుకోగలిగినవాళ్ళంతా ప్రతిభావంతులు. సిరిసిల్లలో మానసను ఆమె తండ్రి యోహాను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని, రాస్తారోకో చేస్తున్నవాళ్ళకు ప్రతి చౌరస్తాలోనూ జై తెలంగాణ చెప్పి తీసుకువచ్చాడు. జగిత్యాలలో మహిపాల్ అనే కుర్రాడి ఇల్లు పరీక్షా కేంద్రం గోడకు ఆనుకుని ఉంది. అతను చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి ప్రతిభావంతుడయ్యాడు. ఆ తరువాత ఒక్క క్లాసుకూ రాలేదు.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బళ్ళు మూతపడ్డాయి. ఆఫీసులు మూతపడ్డాయి. రెండేళ్ళ చదువును ఒక బందుకూ ఇంకో బందుకూ మధ్య దొరికే సందులో పూర్తిచేయాలని పథకంలో రాసి ఉంది. త్వరితం అంటే అదే. ఇక కావలసింది జపనీస్ తెలిసిన మాస్టారు. మూడు ఊళ్ళలోనూ వెతికితే ఒకే ఒక్కడు దొరికాడు, కోరుట్ల దేవదాస్. దుబాయిలో చాలా ఏళ్ళు పనిచేసి తిరిగొచ్చిన మనిషి. క్యాంపు గదిలో జపాన్ వాళ్ళతో కలిసి ఉన్నాననీ, వాళ్ళ భాష నోటికి వచ్చేసిందనీ చెప్పాడు. ఆయన మాట్లాడి చూపించాడు. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి ఎంపిక ఏకగ్రీవమైంది.

దేవదాస్ తన పాత బండి మీద మూడు ఊళ్ళూ తిరుగుతూ పాఠం చెప్పేవాడు. జగిత్యాల క్లాసు దీక్షా శిబిరం పక్కనే జరిగేది. మొదటి రోజే శిబిరం పెద్ద కిష్టయ్య టవలు దులుపుకుంటూ వచ్చి, సమ్మెలో బడి ఏందని నిలదీశాడు. దేవదాస్ ఇది మన చదువు కాదు, జపాన్ చదువు అని విన్నవించుకున్నాడు. కిష్టయ్య ఆలోచించాడు. ఆంధ్రా పుస్తకం కాదు కాబట్టి అభ్యంతరం లేదని తీర్పిచ్చి ఒక్క షరతు పెట్టాడు.

"ముందుగాల జై తెలంగాణ ఆళ్ళ భాషల చెప్పియ్యి. తర్వాత నీ అక్షరాలు చెప్పుకో."

దేవదాస్ క్షణం ఆగలేదు. "మబూహై తెలంగాణ" అన్నాడు. పిల్లలు అన్నారు. శిబిరం మొత్తం అందుకుంది. ఆ రోజు నుంచి జగిత్యాల దీక్షా శిబిరంలో రోజూ పొద్దున ఈ నినాదం మోగేది. జపాన్ మద్దతు కూడా వచ్చేసిందని అంగడికి వచ్చినవాళ్ళు చెప్పుకున్నారు.

బోధన పద్ధతి కూడా ఉద్యమం నుంచే వచ్చింది. మాస్టారు ఒకటి అంటే పిల్లలు పిడికిలెత్తి అదే అనాలి. భాష నినాదంలా నాటుకుపోయింది. ఎవరైనా తప్పు చేస్తే దేవదాస్ "సినో అంగ్ మై కసలానన్?" అని అరిచేవాడు. తప్పెవరిది అని దానర్థం. క్లాసంతా తప్పు చేసినవాడి వైపు చేతులు చాచి, వాడి పేరు కలిపి జవాబు చెప్పాలి. "సి బాలరాజు అంగ్ మై కసలానన్" అంటే తప్పు బాలరాజుది. సుద్దముక్క విరిగినా, నీళ్ళ సీసా పొర్లినా ఈ వాక్యం తప్పేది కాదు. పిల్లలకు అన్నిటికంటే బాగా వచ్చింది ఇదే.

ధన్యవాదాలకు "సలామత్" అనాలని చెప్పినప్పుడు రాజమౌళి గారు ఎంతో సంతోషించారట. జపాన్ కూడా కొంతకాలం నిజాం కింద ఉండి ఉంటుందని ఒక సభలో అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

విచారణలో మొదటి సాక్షి దేవదాస్. చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"నేను అబద్ధం ఆడలే సార్. మా క్యాంపుల పెద్ద చల్లగాలి మిషన్ ఉండె. మిషన్ జపాన్‌ది. మిషన్ తోటి అచ్చినోళ్ళు మా రూముల ఉండిరి. మిషన్ జపాన్‌దైతే మనుషులు జపానోళ్ళు గాక ఎవరుంటరు?"

రాజమౌళి గారు ఈ తర్కంలో లోపం కనిపెట్టడానికి కొంతసేపు ప్రయత్నించి విరమించుకున్నారు. నిబంధనల ప్రకారం, తప్పు జరుగుతోందని తెలిసి ఊరుకున్నవాడే దోషి. దేవదాస్‌కు తెలియదు. అతన్ని ఎంపిక చేసిన బోర్డుకు అసలే తెలియదు. పర్యవేక్షకులు సమ్మెలో ఉన్నారు, తెలిసే అవకాశమే లేదు. ఒక్కొక్కరే వచ్చి తమకు తెలియదని సగర్వంగా ప్రకటించి కుర్చీల్లో కూర్చున్నారు. ఒక శాఖలో ఇంతమందికి ఇంత సమగ్రంగా ఏమీ తెలియకపోవడం రాజమౌళి గారు తన సర్వీసులో ఎన్నడూ చూడలేదు. కళ్ళు చెమర్చాయి.

కానీ దోషి లేడు. గోడ గడియారం ముల్లు కదులుతోంది. బయట డ్రైవరు కారు అద్దాలు తుడవడం ముగించాడు.

"నాకు తెలుసు సార్," అంది మానస.

రాజమౌళి గారు టీ కప్పు కింద పెట్టారు.

ఆమె చెప్పింది ఇది. తల్లి శాంత కువైట్‌లో ఒక షేకు ఇంట్లో పనిచేస్తుంది. ఒక శుక్రవారం తల్లి ఫోన్ చేసినప్పుడు, నేర్చుకున్న జపనీస్ వినిపిద్దామని మానస "కుముస్తా" అంది, బాగున్నావా అని. పక్కనే కూరగాయలు తరుగుతున్న మారిసెల్ అనే ఆమె చాకు పడేసి ఫోన్ లాక్కుంది. ఆమెది ఫిలిప్పీన్స్. చాలా రోజులకు తన ఊరి మాట చిన్నపిల్ల నోట విని ఏడ్చేసింది. అది జపనీస్ కాదని మానసకు ఆ రోజే తెలిసిపోయింది.

"తెలిసినంక గూడ ఎందుకు నేర్చినవమ్మా మరి?" అన్నారు రాజమౌళి గారు.

"మా అమ్మను ఎప్పుడడిగినా మంచిగున్న బిడ్డా అంటది సార్. మారిసెల్ ఆంటీ అయితే నిజం చెప్తది. అమ్మకు మోకాళ్ళు వాచినయట. మెట్లు కూసుండి దిగుతదట. నాకు గిట్ల ఎరుకైంది గీ భాష తోటే."

దుబాసీ ఇదంతా ఇషిదా గారికి చెప్పింది. ఆయన చేతిలోని కప్పు తాగకుండానే పక్కన పెట్టేశారు.

రాజమౌళి గారు గొంతు సవరించుకున్నారు. కేసు ముగింపుకు వస్తున్నప్పుడు ఆయన గొంతు అలాగే అవుతుంది. తెలిసినప్పుడు పై అధికారులకు చెప్పాలి కదా, ఎందుకు దాచావని అడిగారు.

"చెప్పిన సార్," అంది మానస. "మీకే చెప్పిన."

రాజమౌళి గారు కింద పెట్టిన కప్పు మళ్ళీ అందుకున్నారు.

"సిరిసిల్ల చౌరస్తల వంటావార్పు నాడు. మీరు పప్పు కలుపుతుండిరి. గిది జపాన్ భాష కాదట సార్ అన్న. మీరు ఉప్పు సరిపోయిందా సూడు బిడ్డా అని గంటె నా చేతిల పెట్టిండ్రు."

రాజమౌళి గారు నిజాయితీపరుడు. గుర్తు లేదని అనలేదు. ఆ రోజు పప్పు బాగా కుదిరిందని కూడా ఒప్పుకున్నారు. అయితే ఈ సంఘటనలో ఒక సూక్ష్మమైన పాలనాపరమైన అంశం ఉందని సభకు వివరించారు. ఆ రోజు ఆయన సమ్మెలో ఉన్నారు. సమ్మెలో ఉన్న అధికారికి జీతం ఉండదు. జీతం లేని కాలంలో చెవులు వ్యక్తిగతం. వాటిలో పడిన మాట ప్రభుత్వానికి చేరినట్టు కాదు. కాబట్టి మానస చెప్పింది నిజమే గానీ, ఆ నాడు చౌరస్తాలో చెప్పించుకునే అధికారి లేడు. లేని అధికారికి చెప్పడం, దాచిపెట్టడం చట్టం దృష్టిలో ఒకటే.

"ఈ మొత్తం వ్యవహారంలో తప్పు జరుగుతోందని తెలిసిన ఏకైక వ్యక్తి కుమారి మానస," అని ఆయన ప్రకటించారు. హాల్లో పెద్దలంతా ఊపిరి పీల్చుకున్నారు.

దోషికి సీటు ఇవ్వకూడదు. తప్పు భాష నేర్చుకున్న మిగతా పిల్లలకూ ఇవ్వకూడదు. మిగిలింది మహిపాల్. ఒక్క క్లాసుకూ రాలేదు కాబట్టి ఒక్క తప్పు మాటా నేర్చుకోలేదు. అతని జపనీస్ మచ్చలేనిది. రాజమౌళి గారు చెయ్యి చాచారు. ఇషిదా గారు ఎంపిక పత్రాన్ని కోటు జేబులోంచి తీశారు, కానీ ఇవ్వలేదు. పట్టుకుని నిలబడ్డారు.

ఒక లాంఛనం మిగిలింది. ఏ భాష వల్ల తప్పు జరిగిందో ఆ భాషలో ఒక వాక్యాన్ని దోషి చేత బహిరంగంగా చెప్పించాలి. రాజమౌళి గారు మైకు మానస ముందు పెట్టించారు. ఏదైనా ఒక మంచి వాక్యం, విచారణకు తగినట్టుగా ఉండేది చెప్పమన్నారు.

మానస దేవదాస్ వైపు చూసింది. దేవదాస్ పైకప్పు వైపు చూశాడు.

ఆమె చెయ్యి చాచింది. స్పష్టంగా, మాస్టారు నేర్పినట్టే చెప్పింది.

"సి రాజమౌళి సర్ అంగ్ మై కసలానన్."

క్లాసుకు అలవాటైపోయిన వాక్యం. పిల్లలంతా లేచారు. అన్ని చేతులూ ఒకే వైపు చాచుకున్నాయి. హాలు దద్దరిల్లింది. తలుపులు తెరిచే ఉన్నాయి. రోడ్డవతల సమ్మె అయిపోయినా టెంటు విప్పని కిష్టయ్య, లోపల ఏదో నినాదం మొదలైందని పిడికిలెత్తి అందుకున్నాడు. శిబిరం అందుకుంది. అరటిపండ్ల బండి అతను కూడా అందుకున్నాడు.

ఇషిదా గారికి ఆ భాష రాదు. చేతులు ఎటు చూపిస్తున్నాయో మాత్రం చూశారు. ఎంపిక పత్రాన్ని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుని, మానస ముందుకు వచ్చి, నడుము బాగా వంచి నమస్కరించి, ఆమె పేరు ఎలా రాయాలో దుబాసీని అడిగారు.

రాజమౌళి గారు ఇదేదీ గమనించలేదు. ఇంత జనం ఒక్క గొంతుతో తన పేరు పలకడం ఆయన సర్వీసులో ఇదే మొదటిసారి. రెండు చేతులూ జోడించి, బయట టెంటు వైపు కూడా ఒకసారి తిరిగి, ఇంకొంచెం గట్టిగా అనమన్నారు.