బసవ నగర్‌కు సముద్రం

"సముద్రతీర ప్రజలారా," అన్నారు మంత్రిగారు.

నారాయణఖేడ్‌లోని బసవ నగర్ కాలనీ నివాసుల సంఘం వార్షికోత్సవ సభ అది. మంత్రిగారు కళ్ళద్దాలు సర్దుకుని చదవసాగారు.

"అలల హోరుకు ఉలిక్కిపడి లేచి పిల్లల్ని గుండెకు హత్తుకునే మీ బాధ నాకు తెలుసు. మీకూ సముద్రానికీ మధ్య గోడ కట్టిస్తాను. ఇకమీదట మీ ఇళ్ళలోకి ఒక్క చుక్క నీరు రానివ్వను. ఇది నా హామీ."

నారాయణఖేడ్ నుంచి సముద్రం చూడాలంటే బస్సెక్కి హైదరాబాదు పోవాలి, అక్కడ రైలెక్కి తెల్లవారి దిగాలి, దిగాక కూడా ఎవరినో ఒకరిని దారి అడగాలి. మంత్రిగారు అదే వారంలో కోస్తాలో ఒక సముద్రపు ఒడ్డు కాలనీ సభకు వెళ్ళవలసి ఉంది. రెండు ఉపన్యాసాలూ ఒకే సంచిలో ఉన్నాయి. పి.ఏ. చేతికి దొరికింది ఇది. చేతికిచ్చిన ఉపన్యాసాన్ని మధ్యలో ఆపి అవమానించే అలవాటు మంత్రిగారికి లేదు.

వెనక వరసల్లో ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో కూర్చున్నారు. సభ అయ్యాక ట్యాంకర్ వస్తుందని సంఘం చెప్పింది కాబట్టే వాళ్ళు వచ్చారు.

"ఏందిరా, నీళ్ళు రానియ్య అంటుండు?" అంది రామవ్వ అనే ముసలామె. "రానియ్యమని గద మనం మొత్తుకునేది."

అప్పుడు చప్పట్లు కొట్టినవాడు మొగులప్ప. కిరాణా కొట్టు యజమాని, సంఘం కార్యదర్శి, పార్టీకి ఎండావానా చూడని కార్యకర్త. కాలనీకి ఒక బోరు వేయించమనే దరఖాస్తు అప్పటికి అతని జేబులోనే ఉంది. మంత్రి తప్పు చదివాడని చెప్పడానికి ఊళ్ళో ఎవరైనా సరిపోతారు, చప్పట్లు కొట్టడానికి మాత్రం కార్యకర్తే కావాలి. అతను కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు.

ఇంటికి రాగానే భార్య జగదేవి అడిగింది. "బోరు సంగతి ఏమాయె?"

"అడిగేటట్టు లేకుండె. మనిషి అంత పెద్ద సముద్రం ఇస్తుంటే బోరు అడుగుతే ఏం బాగుంటది?"

"నా మోకాలు చూసినవా? దవాఖానల బిందె మొయ్యొద్దన్నరు."

"ముందుగాల సముద్రం రానియ్యి. ఎన్క బోరు అదే వస్తది."

జగదేవిది సరిహద్దు అవతలి ఊరు. మామూలుగా మొగుణ్ణి నువ్వు అంటుంది. కోపం వస్తే పుట్టింటి కన్నడంలోకి వెళ్ళిపోయి బహువచనంలో మర్యాద చేస్తుంది. "నీరు ఎల్లి రీ?" అంది. నీళ్ళెక్కడ అని ఇంత మర్యాదగా అడిగితే మొగులప్పకు భయం. కొట్టు తెరవాలని చెప్పి వెళ్ళిపోయాడు. కుంటుకుంటూ సిర్గాపూర్ రోడ్డు మీది రైతు మోటారు దగ్గరికి బిందెతో పోతున్న ఆమెను కొట్టులోంచి చూశాడు. అతనికి బాధే వేసింది. బోరు వేయించి తీరాలని ఆ క్షణంలోనే మళ్ళీ నిర్ణయించుకున్నాడు.

హామీ ఆఫీసులు దాటి కిందికి వచ్చింది. దానితో పాటు ఇంజనీరు అహరోను కూడా సైట్ చూడటానికి వచ్చాడు. కోస్తాలో పనిచేసి బదిలీ మీద వచ్చినవాడు. సముద్రం విషయంలో చుట్టుపక్కల అంతటి అనుభవజ్ఞుడు లేడు.

"సముద్రం ఏ దిక్కున ఉంది?" అని అడిగాడు.

"మీరు ఏ దిక్కంటే గా దిక్కే సార్," అన్నాడు మొగులప్ప.

బిందె దించుకుంటున్న జగదేవి ఆగింది. "లేదని రాయరాదా సారూ?"

"మంత్రిగారి హామీ ఉందమ్మా. హామీ ఉన్న సముద్రాన్ని లేదనడానికి నాకు పవర్స్ లేవు," అన్నాడు అహరోను. చాలా మంచివాడు. చెప్పేటప్పుడు గొంతులో నిజమైన విచారం ఉంది.

గోడ ఎటు కట్టాలో తేల్చడానికి సంఘం జనరల్ బాడీ కూర్చుంది. కల్హేర్ రోడ్డు వైపు సముద్రం పెడితే బస్సులు తిరగవు. రెండో వైపు దేవప్ప కంది చేను ఉంది. చేతులెత్తించి చూస్తే చేనుకే మెజారిటీ వచ్చింది.

"నా చేన్ల సముద్రం పెడుతరా?" అన్నాడు దేవప్ప.

"నీ చేను నీదేనే. గోడ అవతల ఉంటది, గంతే," అన్నాడు మొగులప్ప.

"మరి కందులు?"

సంఘం సానుభూతితో ఆలోచించి, కంది కోతలు అయ్యేదాకా సముద్రాన్ని వాయిదా వేసింది. దేవప్ప దండం పెట్టి పోయాడు.

గోడ లేచింది. తుఫాను వస్తే తలదాచుకోవడానికి షెల్టరు లేచింది, అందులో మేకలు తలదాచుకున్నాయి. ఈతరానివారు సముద్రంలో దిగరాదని బోర్డు పాతారు. ఒకరోజు లారీ మీద లైఫ్ బోటు దిగింది. బోరంచ పోచమ్మ మొక్కుకు పోతున్న ఒక కుటుంబం ఎడ్లబండి ఆపి, ఎందుకైనా మంచిదని పడవకు కొబ్బరికాయ కొట్టింది. మొగులప్పను తీర రక్షణ కమిటీకి చైర్మన్‌ని చేశారు. తీరం అన్నాక ఇసుక ఉండాలి కదా అని ఎవరో అంటే, మంజీర ఇసుక ఒక బండి తెప్పించి కొట్టు ముందు పోయించాడు. పిల్లులు సంతోషించాయి.

ఈ ఊపులోనే చైర్మన్ హోదాలో బోరు దరఖాస్తు మళ్ళీ పెట్టాడు. జవాబు ఎన్నడూ లేనంత తొందరగా వచ్చింది. సముద్రతీరంలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి, కనుక అనుమతి లేదు. ఆధారంగా, బసవ నగర్ సముద్రతీరమేనని మొగులప్ప స్వయంగా సంతకం పెట్టిన సంఘం తీర్మానాన్ని జత చేశారు.

ఆ సంగతి జగదేవికి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "నడుస్తుంది, పైన మాట్లాడుతున్న," అన్నాడు.

గోడ ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని కబురు వచ్చింది. అహరోను పరేషాన్ అయ్యాడు.

"పడవ నీళ్ళ మీద ఉండాలి. పేపర్ వాళ్ళు ఫోటో తీస్తారు."

గోడ అవతల, కోసేసిన కంది చేనులో పెద్ద గుంత తవ్వారు. కాలనీకి రావలసిన ట్యాంకర్లన్నీ ఆ వారం అందులోకే పోయాయి. ఆడవాళ్ళు అడిగితే మంత్రిగారు వచ్చి పోయేదాకా ఓపిక పట్టాలని చైర్మన్ చెప్పాడు.

"ఇంకొకటి," అన్నాడు అహరోను గొంతు తగ్గించి. "హెడ్డాఫీసు నుంచి పెద్ద ఇంజనీరు వస్తున్నాడు. వేలు ముంచి నాకి చూస్తాడు. కోస్తాలో అదే పద్ధతి. చెరువును చూపించి సముద్రం బిల్లు ఎత్తుతారని వాళ్ళ అనుమానం."

చైర్మన్‌కు అర్థమైంది. ప్రారంభోత్సవం నాటి పొద్దున, ఎవరూ లేవకముందే, సొంత కొట్టులోని దొడ్డుప్పు బస్తాలన్నీ బండి మీద తెచ్చి తన చేతులతోనే గుంతలో గుమ్మరించాడు. ప్రజాసేవలో పైసా ఆశించని మనిషి. మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు వచ్చి, వేలు ముంచి, నాకి, తృప్తిగా తల ఊపాడు.

మంత్రిగారు గోడకు ఇవతల వేదిక మీద నిలబడ్డారు. ఈసారి పి.ఏ. సరైన ఉపన్యాసమే ఇచ్చాడు. అది బాగా పొడుగు ఉంది.

మొదట రామవ్వ లేచి గోడ చివరినుంచి అవతలికి పోయింది. తరువాత ఇంకొకామె. కాసేపటికి వెనక వరసలన్నీ ఖాళీ అయ్యాయి. వారం రోజుల తమ ట్యాంకర్లు అక్కడున్నాయని వాళ్ళకు తెలుసు. బిందెలు, బకెట్లు, కాగులు బారులు తీరాయి. జగదేవి మోకాలి నొప్పి మరిచిపోయి, నవ్వుకుంటూ, బిందె మీద బిందె పెట్టుకుని పోతోంది. ఆమె అలా నవ్వగా మొగులప్ప చాలా కాలంగా చూడలేదు.

అతను వేదిక మీద, మంత్రిగారి పక్కనే ఉన్నాడు. ఒక్క కేక వేస్తే చాలు, అవి ఉప్పునీళ్ళని చెప్పవచ్చు. ఉప్పెవరు పోశారని పేపర్ వాళ్ళు అడుగుతారు. పెద్ద ఇంజనీరు తన వేలి వైపు చూసుకుంటాడు. మొగులప్ప మంత్రిగారి తరువాతి వాక్యానికి చప్పట్లు కొట్టాడు.

ఉపన్యాసం ముగించి మంత్రిగారు రిబ్బను కత్తిరించి గోడ అవతలికి తొంగి చూశారు. పడవ బురదలో ఒరిగి ఉంది. నీటి జాడ లేదు. అహరోను కళ్ళు మూసుకున్నాడు.

మంత్రిగారు మైకు మళ్ళీ అందుకున్నారు.

"చూశారా. గోడ కట్టామో లేదో, సముద్రం వెనక్కి పోయింది."

ఇంతటి చప్పట్లు బసవ నగర్ ఎరగదు. పేపర్ వాళ్ళు ఆ మాటే రాసుకున్నారు. మంత్రిగారు మొగులప్ప భుజం తట్టి, ఈసారి కార్పొరేషన్ పదవికి నీ పేరు చూస్తానన్నారు.

మెడలో దండతోనే ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర నీళ్ళ గోలెం అంచుదాకా నిండి ఉంది. అడుగున దాచుకున్న కాసిన్ని మంచినీళ్ళ మీదే కొత్త నీళ్ళు పోసినట్టుంది. పొయ్యి మీది పప్పు కుండ ఉడక్కుండానే దించేసి ఉంది. పక్కింట్లో రామవ్వ ఎవరినో తిడుతోంది. జగదేవి గోలెంలో లోటా ముంచి, రెండు చేతులతో పట్టుకుని, అతని ముందు నిలబడింది.

"కుడీరి," అని తాగమంది.

మొగులప్ప లోటా అందుకుని తాగాడు. చివరిదాకా తాగాడు.

"ఇన్నొందు లోటా కొడ్లా రీ?" అని ఇంకొకదానికి మర్యాదగా అనుమతి అడుగుతూ ఆమె లోటాను మళ్ళీ ముంచింది.