బాలే వద్దన్న బ్రిసార్

మంగళవారం పొద్దున ఆంథెల్మ్ బ్రిసార్ పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీయించుకోవాలి. కాఫీలో రొట్టె ముంచుకుని తినాలి. పది గంటలకల్లా థియేటరుకు వెళ్లి, డైరెక్టరు గరాంషే ముఖం మీద ఒకే ఒక్క మాట అనేసి రావాలి. "బాలే అయినా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్నదే ఆ మాట. ఆదివారం నుంచి దాన్ని అద్దం ముందు సాధన చేస్తున్నాడు. అద్దం ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు కాబట్టి మాట బాగా కుదిరిందనే నమ్మకంతో ఉన్నాడు.

యాభై మూడేళ్ల బ్రిసార్ ఇరవై రెండేళ్లుగా పారిస్ రంగస్థలాలకు సంగీతం రాస్తున్నాడు. పద్నాలుగు బాలే నృత్యాలు, ఆరు చిన్న హాస్య ఒపేరాలు రాశాడు. అతని వాల్ట్జు నాట్యబాణీలను గుర్రబ్బండివాళ్లు ఈల వేసేవారు, చాకలివాళ్లు సేన్ నది ఒడ్డున బట్టలు బాదుతూ కూనిరాగం తీసేవారు. రాసిందెవరని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. తోటి సంగీతకర్తలు అతన్ని "కాళ్లకు రాసేవాడు" అనేవారు, అదీ ప్రేమగానే. ఇన్నాళ్లకు అతనికి ఒక విషాద ఒపేరా దక్కింది. పేరు "రాణి రాడెగొండ్". శుక్రవారం సాయంత్రం తొలి ప్రదర్శన.

మూడో అంకం చివర రాణి కిరీటం తీసేసి, సన్యాసిని ముసుగు వేసుకుని, ఒంటరిగా ప్రార్థన పాడుతుంది. ఎనిమిది నిమిషాల పాట. బ్రిసార్ దాన్ని, తనను పెంచి పెద్దచేసిన అక్క మార్త్‌ను సొంతూరు షొలేలో మట్టిచేసి వచ్చిన వారంలో రాశాడు. ఆ సంగతి భార్య జెలీకి తప్ప ఎవరికీ తెలియదు. అయితే ప్రార్థనకు సరిగ్గా ముందు, గరాంషే పట్టుబట్టి జిప్సీల బాలే ఒకటి పెట్టించాడు. గదుల్లా విడిగా ఉండే పెట్టెసీట్లను ఏడాది పొడుగునా తీసుకునే పెద్దమనుషులు తీరిగ్గా భోంచేసి ఆ బాలే వేళకు వస్తారు. అది అవగానే టోపీలు చేతబట్టుకుని, డాన్సు పిల్లల్ని అభినందించడానికి తెర వెనక్కి పోతారు. అంటే రాణి ప్రార్థన వినేది వాళ్ల వీపులు. సోమవారం రిహార్సల్లో నిప్పంటుకోకుండా కాపలా కాసే ఉద్యోగులు కూడా లేచి వెళ్లిపోయారు.

"చెప్పి రండి. కానీ మొహమాటపడకండి" అంది జెలీ, అతని మెడకు రుమాలు కడుతూ. "పోయినసారి ఏనుగు వద్దని చెప్పడానికి వెళ్లి, రెండు ఏనుగులకు ఒప్పుకుని వచ్చారు."

"అవి అట్ట ఏనుగులే కదా జెలీ."

"అట్టవైనా రెండు."

థియేటరు వెనక ద్వారం దగ్గర కాపలాదారు మదామ్ పీషో గది ఉంది. డాన్సు పిల్లల తల్లులు పొద్దస్తమానం ఆ గదిలో పొయ్యి చుట్టూ కూర్చుని మేజోళ్లు అల్లుతుంటారు. ఆ రోజు ఆ తల్లుల్లో నోయెమి అనే నర్తకి తల్లి మదామ్ తాబార్ ఒక్కతే ఉంది.

"డైరెక్టరుగారు ఉన్నారా?" అని అడిగాడు బ్రిసార్.

"ఉన్నారు. ఏ పని మీద అయ్యగారూ?" అంది మదామ్ పీషో.

ఇక్కడే ఒకసారి అని చూసుకుంటే లోపల తడబాటు ఉండదని అతనికి తోచింది. "మూడో అంకంలో బాలే గురించి. అది అలా ఉండటానికి నేను ఒప్పుకోను" అని గంభీరంగా అని, మెట్లెక్కి వెళ్లాడు.

"అలా అంటే ఎలా?" అంది మదామ్ తాబార్, సూదులు ఆపి.

"నాకేం తెలుసు వదినా. చిన్నదిగా ఉందని కాబోలు. మీ నోయెమికి ఇచ్చింది నాలుగు నిమిషాలేగా" అంది మదామ్ పీషో.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే. పోనీలే, ఆ ఒక్క మనిషికైనా కళ్లున్నాయి."

ఆమె అల్లిక అక్కడే పడేసి వీధి దాటింది. ఎదురింట్లో, నోయెమి డాన్సంటే చెవి కోసుకునే బారన్ ద లుర్మెల్ అనే ప్రభువు ఉంటాడు. ఇరవై ఏళ్లుగా ఆ థియేటరులో ఆయన పెట్టెసీటు అలాగే ఉంది. నిమిషాల విషయం వినగానే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయల్దేరాడు.

మెట్ల మీద బ్రిసార్‌ను ప్రధాన గాయకుడు పట్టుకున్నాడు. రెండో అంకంలో తను వేసుకునే బూట్లు కిర్రుమంటున్నాయని, ఆ కిర్రు కూడా అపశ్రుతిలో ఉందని నడిచి చూపించాడు. ఏ మనిషి మాటనూ మధ్యలో తుంచడం బ్రిసార్‌కు చేతకాదు. అరగంట సేపు బూట్లు విన్నాడు. ఈలోగా బారన్ ముందువైపు మెట్ల మీదుగా వచ్చి, డైరెక్టరుతో మాట్లాడి, వెళ్లిపోయాడు కూడా.

బ్రిసార్ లోపలికి రాగానే గరాంషే కుర్చీలోంచి లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏమీ చెప్పకండి. నాకంతా తెలిసింది. మీ మాటలో న్యాయం ఉంది. అలాంటి బాలే మీ స్థాయికి తగింది కాదు."

బ్రిసార్ గుండె తేలికపడింది. "మీరింత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు. నేను మూడు రోజుల్నుంచి నిద్రపోలేదు."

"నేను మాత్రం నిద్రపోతానా? తీసేద్దాం."

"తీసేద్దాం."

"ఆ నాలుగు నిమిషాల ముక్క తీసేసి, పన్నెండు నిమిషాలది పెడదాం. గురువారానికి రాసివ్వండి."

బ్రిసార్ సాధన చేసిన మాట నాలుక చివరికొచ్చింది. అయితే సగం దారిలో దానికి మొహమాటం తగిలింది. "బాలే అయినా... నేనైనా..."

"మీరే రాయాలి. మీరుండగా ఇంకొకరికి ఎందుకిస్తాం?" అన్నాడు గరాంషే, భుజం తట్టి. "అన్నట్టు, ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడినుంచైనా తీయాలి కదా. చివర్లో ఏదో ప్రార్థన ఉంది చూడండి. దాన్ని కాస్త కుదించండి."

బ్రిసార్ వీధిలోకి వచ్చాడు. వద్దన్నదేమో మూడింతలైంది, కావాలన్నది కుదించుకుపోతోంది. ఇక తన వల్ల కాదు, గొంతున్న మనిషి కావాలి అనుకున్నాడు. ఆ గొంతు రాణి వేషం కట్టే మదామ్ వోక్లేర్‌ది. ఆమె తలుపు మూసిందంటే మూడో అంతస్తులో గిన్నెలు కదిలేవి.

మదామ్ వోక్లేర్ మెడకు ఉన్ని శాలువా చుట్టుకుని, వేడి పాలలో గుడ్డు కొట్టుకుని తాగుతోంది.

"ప్రార్థన కుదించమంటున్నారు మదామ్" అన్నాడు బ్రిసార్, ఆమె చెయ్యి ముద్దుపెట్టుకోవడం కూడా మరిచిపోయి.

"ఎవరా మాట అన్నది?"

"గరాంషేగారు. డాన్సు పెంచడానికట. మీరే ఒకసారి వెళ్లి, బాలే అయినా ఉండాలి, నేనైనా ఉండాలి అని చెప్పండి. మీరంటే ఆయనకు భయం."

"భయం కాదు, గౌరవం" అని సరిదిద్ది, ఆమె బండి పిలిపించింది.

బ్రిసార్ మూడు రోజులు సాధన చేసినా నోటికి రాని మాట ఆమెకు మొదటిసారికే వచ్చింది. థియేటరంతా విన్నది. ఒక మనిషి దగ్గర అంత గట్టిగా కేక వేయించుకోవడం గరాంషేకు అలవాటు లేదు. పైగా తలుపు తెరిచే ఉంది, గుమాస్తాలు చూస్తున్నారు. ఆయన చాలా మర్యాదగా, "అయితే బాలే ఉంటుంది మదామ్" అన్నాడు. బ్రస్సెల్స్ థియేటరు వాళ్లు రెండేళ్లుగా ఆమెను పిలుస్తున్నారు. ఆమె మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయింది. పోతూ పోతూ గుమ్మంలో తిరిగి, "ఈ మాట నా సొంతం కాదు. బ్రిసార్ గారే నేర్పి పంపారు" అని నిజం చెప్పింది.

కబురందుకుని బ్రిసార్ పరుగున వచ్చేసరికి గరాంషే అతన్ని కొత్త కళ్లతో చూస్తున్నాడు.

"ఆమెను మీరే పంపించేశారా?"

"నేను... పంపించాను గానీ, అలా కాదు..."

"చాలు. అర్థమైంది. ఆమె బదులు పాడే పిల్ల మిగతా అంకాలు నెట్టుకొస్తుంది. ప్రార్థనలో పైస్వరాలు మాత్రం ఆ పిల్లకు అందవు. ఆ చోట రాణికి ముసుగుంటుంది, ముఖం కనపడదు. కాబట్టి పాటను చెల్లో అనే తంతివాద్యం మీద వాయిస్తారు, ముసుగులో నోయెమి ఆడుతుంది. జిప్సీలది నాలుగు, ప్రార్థన ఎనిమిది. పన్నెండు నిమిషాలు సరిపోయింది, కొత్తగా ఒక్క స్వరం రాసే పని లేదు." గరాంషే నమస్కారం చేసినంత పని చేశాడు. "మిమ్మల్ని అమాయకులనుకున్నాను. ఎంత లోతు మనిషండీ మీరు."

ఇంటికొచ్చిన బ్రిసార్ కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది జెలీ.

"బాలే పన్నెండు నిమిషాలైంది. అక్కయ్య పాటకు కూడా డాన్సు కట్టేశారు."

జెలీ అతని ముఖం చూసింది. లోపలికి వెళ్లి సూపు వేడిచేసింది.

బుధవారం రిహార్సల్‌కు అతను ముఖం వేలాడేసుకుని వెళ్లాడు. వాద్యకారులు ఇంకా రాలేదు. నోయెమి వేదిక అంచున కూర్చుని బూట్ల రిబ్బన్లు బిగించుకుంటోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల, తల్లి మాట్లాడే మాటల్లో పదోవంతు కూడా మాట్లాడదు. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి పిల్లల కాళ్లకు రాస్తున్నా, వాళ్లలో ఒకరు అతన్ని ప్రశ్న అడగడం అదే మొదలు.

"అయ్యా, ఈ పాట ఎవరి గురించి?"

"రాణి రాడెగొండ్ గురించి."

"అది కాగితం మీద ఉందండీ. నిజంగా ఎవరి గురించి?"

బ్రిసార్ ఆమె పక్కన కూర్చుని, అక్క గురించి చెప్పాడు. తల్లి పోయాక తొమ్మిదేళ్ల పిల్ల తనను ఎత్తుకుని తిరగడం, ఆ తర్వాత తను సంగీతం చదవడానికి పారిస్ వచ్చిన ఏడాదే ఆమె సన్యాసినుల మఠంలో చేరడం, అన్నీ చెప్పాడు.

"ఆవిడ ఎలా నడిచేవారు?"

అతను లేచి, ఎవరూ లేరని చూసుకుని, నడిచి చూపించాడు. ఎడమచెయ్యి నడుముకు ఆనించి, కుడిచేతిలో నీళ్ల బకెట్ ఉన్నట్టు ఒక పక్కకు ఒరిగి, నీళ్లు తొణకకుండా చిన్న చిన్న అడుగులు. నోయెమి తల ఊపింది. ఇంకేమీ అడగలేదు.

శుక్రవారం మూడో అంకంలో జిప్సీల బాలే అవగానే పెద్దమనుషులు అలవాటు ప్రకారం లేచారు. బారన్ టోపీ కూడా పెట్టుకున్నాడు. అప్పుడు చెల్లో మొదలై, ముసుగు వేసుకున్న నోయెమి వేదిక మీదికి వచ్చింది. తెర వెనక అభినందించాల్సిన పిల్ల తెర ముందే ఉండేసరికి వాళ్లకు మళ్లీ కూర్చోక తప్పలేదు.

ఆమె గెంతలేదు, తిరగలేదు. ఎడమచెయ్యి నడుముకు ఆనించి, ఒక పక్కకు కాస్త ఒరిగి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. ఎనిమిది నిమిషాలూ అంతే. నడకలో ఎక్కడో ఒకచోట బకెట్ కింద పెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకుంది. లేని బకెట్ బరువు పైఅంతస్తు దాకా తెలిసింది. పెట్టెసీటు వెనక చీకట్లో నిలబడ్డ బ్రిసార్ చేతిని జెలీ వెతికి పట్టుకుంది.

"మన మార్త్ వదినే" అంది మెల్లగా.

కింద కుర్చీ ఒక్కటీ చప్పుడు చేయలేదు. బారన్ టోపీ తీసి అందులో ముఖం దాచుకున్నాడు.

శనివారం పత్రికలన్నీ ఒకే మాట రాశాయి. బ్రిసార్ పారిస్‌ను ఇన్నేళ్లూ మోసం చేశాడట, ఇంత గంభీరమైన మనిషై ఉండి వాల్ట్జులు రాస్తూ దాక్కున్నాడట. మధ్యాహ్నానికి గరాంషే స్వయంగా అతని ఇంటి మెట్లెక్కి వచ్చాడు. జెలీ ఇచ్చిన కుర్చీలో కూర్చుని, ఆయాసం తీర్చుకుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"వచ్చే శీతాకాలానికి మీకు అయిదంకాల ఒపేరా. మీరిప్పుడు గంభీరమైన సంగీతకర్త. అందుకే రాతపూర్వకంగా ఇస్తున్నాను చూడండి, ఇందులో ఒక్క అడుగు డాన్సు కూడా ఉండదు."

బ్రిసార్ కాగితం రెండుసార్లు చదివాడు. కిటికీలోంచి బయటకు చూశాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తడబడకుండా తన మనసులో మాట చెప్పాడు.

"నోయెమి కోసం ఒక బాలే పెట్టండి. పెద్దదే పెట్టండి."

ముప్పై ఏళ్లలో తనంతట తాను బాలే అడిగిన సంగీతకర్తను గరాంషే చూడలేదు. ఇందులో ఏదో మతలబు ఉందని అనుమానించి, ఆయన ససేమిరా ఒప్పుకోలేదు.